పన్నెండో పేరు

పదిహేడో పేరు పిలిచి వెంకటరాజు పెన్సిలు చెవి మీద దోపుకున్నాడు. బోటాటౌంగ్ జెట్టీ గేటు ముందు ఇంకా ముప్ఫైమంది నిలబడే ఉన్నారు. ఇవాళ తమ పేరు రాలేదని తెలిసినా వాళ్లు కదలరు. గ్యాంగులో ఎవడికైనా జ్వరం తగిలినా, ఎవడైనా రాకపోయినా, ఆ ఖాళీలోకి వీళ్లలో ఒకణ్ణి వేలు చూపించి పిలుస్తారు. వాణ్ణి బదిలీ మనిషి అంటారు. ఆ వేలు చూపించడం వెంకటరాజు పని. అతను తన గొప్పతనమంతా ఆ వేలిలోనే పెట్టుకున్నాడు. చూపించబోయి ఆపుతాడు, పక్కకి తిప్పుతాడు, దాంతోనే ముక్కు గోక్కుంటాడు. ముప్ఫై జతల కళ్లు దాని వెంట తిరుగుతుంటే అతని ఒళ్లు పులకరిస్తుంది.

ఇంతా చేసి అతనూ బదిలీయే. పద్నాలుగేళ్ల కిందట భీమిలి దగ్గర్నించి రంగూన్ వచ్చినప్పుడు, సెలవు మీద ఊరెళ్లిన ఒక టాలీ గుమాస్తా, అంటే సరుకు లెక్కలు రాసేవాడి కుర్చీలో మూడు నెలలకని కూర్చోబెట్టారు. ఆ గుమాస్తా తిరిగొచ్చాక ఇంకొకడు వెళ్లాడు. అలా ఈ రేవులో వెంకటరాజు కూర్చోని కుర్చీ లేదు, అతనిదైన కుర్చీ ఒక్కటీ లేదు. అయినా గేటు బయట నిలబడ్డ బదిలీ కూలీలను చూస్తే అతనికి ఎంత రోతో చెప్పలేం. "ఈ ఎదవలకి సిగ్గుండదు, రోజూ వచ్చి నిలబడతారు," అంటాడు. తాను పద్నాలుగేళ్లుగా ఏం చేస్తున్నాడో ఎవరూ అడగలేదు గనక సరిపోయింది.

ఇవాళ మాత్రం అతని మెడ మరికాస్త నిటారుగా ఉంది. మొన్న గురువారం పెద్ద టాలీ గుమాస్తా జగదీశ్వరరావు ఉద్యోగం మానుకుని మరి తిరిగి రానని చెప్పి పడవెక్కాడు. వెళ్తూ వెళ్తూ తన నల్ల కోటు వెంకటరాజు చేతిలో పెట్టాడు. పెట్టెలో పట్టక ఇచ్చాడు. వెంకటరాజు దాన్ని పట్టాభిషేకంగా తీసుకున్నాడు. జగదీశ్వరరావు భారీ మనిషి. ఆ కోటులో వెంకటరాజు భుజాలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. చేతులు వేళ్ల దాకా దిగిపోతే మణికట్టు దగ్గర రెండు మడతలు పెట్టి, పొద్దుటి నుంచీ చెమటలు కక్కుతూ తిరుగుతున్నాడు.

పెద్ద మేస్త్రీ సింహాచలం గేటు లోపల చుట్ట కాల్చుకుంటున్నాడు. ఏజెంటు దొర దగ్గర అతని మాటే చెల్లుతుంది. వెంకటరాజు మేస్త్రీ పక్కగా రెండుసార్లు నడిచాడు, మూడోసారి దగ్గాడు.

"నీ కుర్సీ సంగతేనా?" అన్నాడు మేస్త్రీ పొగ వదులుతూ. "సాయంత్రం ఆటకాడికొస్తాను గదా, అక్కడ సెప్తానులే. మా బలరాం గాడు నేనొచ్చేతలికి ఆడతా కనిపించాల. ఒడ్డున కూకుని కనిపించకూడదు."

"అయ్యో, ఎంత మాట మేస్త్రీగారూ! చినబాబు లేకండా ఆటేటండీ?"

ఆ ఆట సంగతి చెప్పాలి. గోదాముల వెనక ఎండిన మైదానంలో ఒక అమెరికా దొర పిల్లల కోసం వినోద సంఘమని పెట్టాడు. మారేడుకాయంత మెత్తబంతిని ఒకడు చెయ్యి కిందనించి విసురుతాడు, ఇంకొకడు కర్రతో కొట్టి, పొట్టు కుక్కిన నాలుగు గోనెసంచుల చుట్టూ పరిగెడతాడు. పక్షానికి తొమ్మిదిమంది, ఐదు ఇన్నింగ్సులు. తెలుగు పిల్లల పేర్లు పిలవడానికి, వాళ్లను అదుపులో పెట్టడానికి దొరకు ఒక మనిషి కావలసివచ్చాడు. మేస్త్రీ తన మాట వినేవాణ్ణే పెట్టించాడు. వెంకటరాజు జన్మలో ఆ కర్ర ముట్టుకోలేదు. అతనికిచ్చింది ఒక పలక. ఎవడు ఆడాలో, ఎవడి తరవాత ఎవడు కొట్టాలో, ఎవడి బదులు ఎవడు దిగాలో అందులో రాయాలి. అతనికి అదే పదివేలు. గేటు దగ్గర ఎలా పిలుస్తాడో ఇక్కడా అలాగే పిలిచాడు. మేస్త్రీ కొడుకు మొదట, వాచ్‌మన్ కొడుకులు తరవాత, ఓడ సరుకు ఎత్తే వించి డ్రైవరు మేనల్లుడు ఆ తరవాత. బంతిని ఎవడు బాగా కొడతాడన్నది అతను ఎన్నడూ పట్టించుకోలేదు.

దొర పెట్టిన రూలు ఒక్కటే చిక్కు. వచ్చిన పిల్లలందరికీ ప్రతి శనివారం వంతు రావాలి. పలకలో పన్నెండు పేర్లుంటే పన్నెండూ ఆడాలి. ఆ చిక్కుకు వెంకటరాజు నెలలోపే మందు కనిపెట్టాడు. చివరి మూడు పేర్లకీ ఎదురుగా 'ఐదో ఇన్నింగ్సులో కర్ర పట్టును' అని రాస్తాడు. మైదానం మనది గనక ప్రతి ఇన్నింగ్సులోనూ మన పక్షం అవతలివాళ్ల తరవాతే కొడుతుంది. ఐదో ఇన్నింగ్సులో అవతలివాళ్లు కొట్టడం అయ్యాక మనం ముందుంటే, ఇంక మనం కొట్టనక్కరలేదు, ఆట అక్కడికి ఆఖరు. ఒకవేళ వెనకబడితే, ఉమ్మితో పలక తుడిచేసి మళ్లీ రాయడానికి ఎంతసేపు? దొర ఆటకు ముందు ఒకసారి పలక చూసి, అందరి పేర్లూ ఉన్నాయని మురిసిపోయి భుజం తడతాడు. ఆ మహానుభావుడికి పలక చూడటమే తెలుసు, పిల్లల్ని చూడటం తెలియదు.

అలా ఆరు నెలలుగా పన్నెండో పేరు బుల్లియ్యది.

మధ్యాహ్నం గేటు మూసే వేళకు బుల్లియ్య తల్లి నరసమ్మ వచ్చింది. ఎండకు కందిన మొహం, నెత్తి మీద రేకుపెట్టె. వెనక బుల్లియ్య చాపచుట్ట మోస్తున్నాడు. పదకొండేళ్లుంటాయి. తల మీద నీలం టోపీ. ఆటగాళ్లందరికీ కలిపి సంఘం టోపీలు తొమ్మిదే ఇచ్చింది గనక, నరసమ్మ మొగుడి పాత చొక్కా కత్తిరించి వీడికి తనే కుట్టింది. ముందువైపు తెల్లదారంతో పన్నెండు అంకె కుట్టి, గంజిపెట్టి మడత పెట్టింది.

"బావూ, రేపు తెల్లారి పడవకి ఎల్లిపోతన్నాం," అంది. "డెక్కు మీద పోయే మనుసులు ఇయ్యాల సాయంత్రం ఆరుగంటలకే షెడ్డులో ఉండాలంటన్నారు. గుంటడి బాబుని ముందే తోపుడుబండి మీద అక్కడ దింపేసినాం. ఈడు ఒక్కపాలైనా ఆ కర్ర పట్టనేదు బావూ. ఇయ్యాల సివరి శనారం."

గుంటడి బాబంటే బుల్లియ్య తండ్రి కన్నయ్య. మూడు నెలల కిందట ఓడ అడుగున బియ్యం బస్తాల వరస కూలి నడుం విరిగింది. ఆ రోజు ఆ గ్యాంగు కన్నయ్యది కాదు. జ్వరం తగిలిన ఇంకొకడి బదులు ఓడలోకి పంపించింది వెంకటరాజు వేలే. ఆ సంగతి నరసమ్మకు తెలుసు. వెంకటరాజుకూ తెలియాలి గాని, అతను పేర్లు పిలుస్తాడు, పిలిచిన తరవాత ఏమైందో గుర్తుంచుకోడు.

"రాసే ఉంచినానమ్మా," అన్నాడు. "దొరగారి రూలు. అందరికీ వంతుంటాది."

బుల్లియ్య నవ్వాడు. ముందుపన్ను ఒకటి సగం విరిగి ఉంది. వెంకటరాజుకు ఆ నవ్వు చూస్తే చిరాకేసింది. అంత చిన్న మాటకు అంత నవ్వు ఎందుకో అతనికి అర్థం కాలేదు.

నాలుగింటికి ఇన్సేన్ రైలు వర్క్‌షాపు పిల్లలు వచ్చారు. బర్మా పిల్లలు, అరవ పిల్లలు కలిసిన జట్టు. వాళ్ల పెద్దమనిషి కిన్ మౌంగ్ చొక్కా విప్పి పిల్లలతోపాటు పరిగెడుతూ, పేరు పేరునా అరుస్తూ ఉంటాడు. వెంకటరాజు అతన్ని చూసి మూతి విరిచాడు. పెద్దమనిషన్నాక కూర్చోవాలి, అరవకూడదు. తను పలక ఒళ్లో పెట్టుకుని బల్ల చివర కూర్చున్నాడు. ఆ బల్ల మీదే పది, పదకొండు, పన్నెండో పేర్లు కూర్చున్నాయి. మొదటి ఇద్దరికీ ఈ ఏర్పాటు ఎప్పుడో అర్థమైంది. జేబుల్లో వేయించిన వేరుశనక్కాయలు తెచ్చుకుని తింటున్నారు. బుల్లియ్య ఒక్కడే టోపీ సరిచేసుకుంటూ, ఇప్పుడో ఇంకాసేపటికో పిలుస్తారన్నట్టు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

మూడో ఇన్నింగ్సులో వించి డ్రైవరు మేనల్లుడి కాలు మడతపడింది. దొర వెంకటరాజు వైపు చూశాడు. బుల్లియ్య లేచి నిలబడ్డాడు. వెంకటరాజు వేలు ఎత్తాడు. ఎత్తి కాసేపు ఆపాడు. అలవాటు. వేలు బుల్లియ్య మీదనించి మెల్లిగా జరిగి, నోటినిండా వేరుశనక్కాయలున్న పదకొండో వాడి దగ్గర ఆగింది. వాడి తండ్రి గోదాములో తాళాల మనిషి. రేపు కుర్చీలో కూర్చున్నాక తాళాల మనిషితో పనుంటుంది. ఇంటికి పోయేవాళ్లతో పనేముంటుంది?

బుల్లియ్య కూర్చున్నాడు. "మరి ఐదోదాన్లోనా బావూ?" అన్నాడు.

"రాసినాను గదరా!"

మైదానం అంచున నరసమ్మ రేకుపెట్టె మీద కూర్చుని ఉంది. ఆటలో ఏది ఏమిటో ఆమెకు తెలియదు. బంతి లేచినప్పుడల్లా బల్ల వైపు చూస్తోంది. నీడలు సాగేకొద్దీ మాటిమాటికీ లేచి రేవు వైపు చూసి మళ్లీ కూర్చుంటోంది.

నాలుగు ఇన్నింగ్సులు అయ్యేసరికి మనవాళ్లకు తొమ్మిది పరుగులు, ఇన్సేన్ వాళ్లకు ఆరు. ఐదోది మొదలైంది. ఇన్సేన్ వాళ్లు కొట్టి రెండు పరుగులు తీశారు, ఇద్దరు అవుటయ్యారు; మూడోవాడూ అవుటైతే వాళ్ల వంతు ఆఖరు. ఇంకొక్కటి వస్తే సమానం. సమానమైతే మనవాళ్లు కర్ర పట్టాలి. బుల్లియ్య ఈ లెక్క ఆరు నెలలుగా బల్ల మీద కూర్చుని నేర్చుకున్నాడు. వాడి పెదవులు కదులుతున్నాయి. మనవాళ్లు గెలవాలని మొక్కుకుంటున్నాడు కాబోలు అనుకున్నాడు వెంకటరాజు. వాడు మొక్కుకుంటున్నది ఇన్సేన్ పిల్లల కోసం. ఒక్క పరుగు, దేవుడా, వాళ్లకి ఒకే ఒక్క పరుగు. పదకొండేళ్ల పిల్లాడి చేత సొంత పక్షానికి వ్యతిరేకంగా అలా మొక్కించిన మనిషి, పక్కనే కూర్చుని కోటు గుండీలు సర్దుకుంటున్నాడు. మేస్త్రీ సింహాచలం అప్పుడే మైదానంలోకి వస్తూ కనిపించాడు.

ఇన్సేన్ పిల్లాడొకడు బంతిని ఆకాశంలోకి లేపాడు. బుల్లియ్య బల్ల పక్కనున్న కర్ర అందుకున్నాడు. రెండు చేతులతో పట్టుకుని లేచాడు. బంతి దిగుతోంది. దాని కింద బలరాం తప్పటడుగులు వేస్తున్నాడు. వాడు అంతకు ముందు మూడు జారవిడిచాడు. నాలుగోది ఎలాగో గుండెలకు హత్తుకుని కిందపడ్డాడు. వదల్లేదు.

ఆట అయిపోయింది. పిల్లలంతా బలరాంని భుజాల మీదికి ఎత్తారు. మేస్త్రీ చుట్ట నోట్లోంచి తీసి కేకలు పెట్టాడు. దొర పలక తీసి చూసి, పన్నెండు పేర్లూ ఉన్నాయని తల పంకించి, వెంకటరాజు భుజం తట్టాడు.

"బావూ," అన్నాడు బుల్లియ్య. కర్ర ఇంకా చేతిలోనే ఉంది. "మన వంతు?"

"గెలిచేసినాం గదరా. గెలిచినోళ్లకి ఆకరి వంతుండదు. కర్ర అక్కడ పెట్టు."

నరసమ్మ అప్పటికే పెట్టె నెత్తికెత్తుకుని వచ్చింది. కొడుకు మొహం చూసింది, కర్ర చూసింది. తిడుతుందేమోనని వెంకటరాజు ఒకడుగు వెనక్కి వేశాడు. ఆమె తిట్టలేదు.

"ఈడి పేరు రాసినారా బావూ?"

"రాసినాను. ఇదిగో, పన్నెండో పేరు."

ఆమెకు చదువు రాదు. అతను చూపించిన చోట వంగి చూసింది. "సూడరా అయ్యా," అంది మెల్లిగా. "నీ పేరు రాసినారు."

బుల్లియ్య చూశాడు. వాడికీ చదవడం రాదు. కాని అంకె తెలుసు, నెత్తి మీదున్నదే. కర్రను శబ్దం కాకుండా బల్లకు ఆనించాడు. చాపచుట్ట భుజానికెత్తుకుని తల్లి వెనక నడిచాడు. గోదాము మలుపు దాకా వాళ్లు కనిపించారు. వెంకటరాజు అటు చూడలేదు. మేస్త్రీ వైపు వెళ్లాడు.

మేస్త్రీ మంచి హుషారుగా ఉన్నాడు. "బాగా ఆడించినావురా రాజూ! ఏజెంటు దొరతో మాటాడినాను. ఆ కుర్సీ మా తోడల్లుడికి ఇప్పించినాను. సోమవారం పడవ దిగుతాడు. ఆడికి పని తెలిసేదాకా పక్కన నువ్వుండి సూపించాల."

వెంకటరాజు నోరు తెరిచాడు. "మరి నా సంగతి, మేస్త్రీగారూ?"

"నీ పేరు కూడా సెప్పినాన్రా! రాసుకున్నారు. అందరి పేర్ల కిందా ఉంది, ఎక్కడికి పోద్ది?" మేస్త్రీ కోటు కేసి ఎగాదిగా చూశాడు. "ఇది జగదీశ్వరరావుది గదా? మావోడికి సరిపోద్ది. నీకేటి, గోనెసంచిలాగుంది."

"చిత్తం," అన్నాడు వెంకటరాజు. మడతలు విప్పుకుని, కోటు తీసి ఇచ్చాడు. పద్నాలుగేళ్లలో అతను ఎవరికీ ఎదురు చెప్పింది లేదు. తనకంటే కింద ఉన్నవాళ్లకు మాత్రం లేదు పొమ్మని చాలాసార్లు చెప్పాడు.

అతను అప్పుడు ఏడ్చాడనో, రేవు దాకా పరిగెత్తాడనో చెప్పగలిగితే బాగుండేది. అలాంటివేమీ చెయ్యలేదు. సోమవారం పొద్దున్నే గేటు దగ్గర మళ్లీ వేలు ఎత్తుతాడు. ఇప్పటికి బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. చెమటకు తడిసిన బనీనుతో మరీ బక్కగా, గేటు బయట నిలబడే ముప్ఫైమందిలో ఒకడిలా ఉన్నాడు. వచ్చే శనివారానికని పలక ఒళ్లో పెట్టుకుని, వేలికి ఉమ్మి తడి చేసుకుని తుడవడం మొదలుపెట్టాడు. బలరాం పేరు పోయింది, వాచ్‌మన్ కొడుకులు పోయారు. పన్నెండో పేరు దగ్గర వేలు ఆగింది. ఆపడం అలవాటే గాని, ఈసారి చూసేవాళ్లు లేరు.

తల తిప్పితే బల్ల మీద, బుల్లియ్య కూర్చునే చోట, నీలం టోపీ ఉంది. సంఘం వస్తువు సంఘానికి ఇచ్చెయ్యాలని వాడెవరి దగ్గర విన్నాడో, వాళ్లమ్మ కుట్టినదాన్ని వదిలేసి పోయాడు. నలగకుండా పన్నెండు అంకె పైకి వచ్చేట్టు పెట్టాడు. దాని మీద మైదానం దుమ్ము లేదు, గంజి మడత ఇంకా విరగలేదు.