ఇన్నయ్య షట్టర్

తార్నాకలో ఇన్నయ్య కిరాణా కొట్టు ఏనాడూ మూసి ఉండదు. షట్టర్ పూర్తిగా దించితే చాలు, బయట ఎవరూ లేకపోయినా అరచేత్తో నాలుగు దెబ్బలు, వెనకే "అన్నా!" అని ఒక ఆడపిల్ల గొంతు. వీధికి అది అలవాటే. అందుకే రాత్రిళ్లు కాపలాకు ఇన్నయ్య భార్య భూదేవి కొట్టులోనే మంచం వేసుకుంది.

ఆ గొంతు నవతదని ఇన్నయ్యకొక్కడికే తెలుసు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఒక బంద్ నాడు ఆయన అందరిలాగే షట్టర్ సగం దించి, కింది సందులోంచి పాలూ బ్రెడ్డూ అమ్ముకుంటున్నాడు. యూనివర్సిటీ వైపునుంచి పిల్లలు పరుగెత్తుకొచ్చారు, వెనక లాఠీలు. అందులో రోజూ తన దగ్గర బ్రెడ్డు కొనే నవత కూడా ఉంది. ఇన్నయ్య పాల ప్యాకెట్లు లోపలికి లాక్కున్నాడు. మిగిలిన సగమూ దించేశాడు. ఆ పిల్ల "అన్నా!" అంటూ నాలుగుసార్లు కొట్టింది. తీయలేదు. బయట లాఠీ దెబ్బకు ఆమె చెయ్యి విరిగింది.

గంట తర్వాత షట్టర్ ఎత్తితే ఎదురుగా టీవీ మైకు. పిల్లల్ని లోపల దాచారా అని అడిగారు.

"మా పిల్లలే గదా, దాయకుంట ఎట్లుంట?" అనేశాడు మహానుభావుడు.

ఆ ఒక్క మాటకు దండలు పడ్డాయి, పార్టీలో పదవి వచ్చింది, పొద్దుటి టీవీ కార్యక్రమంలో కుర్చీ దొరికింది. చెప్పిన ప్రతిసారీ సిగ్గుతో చచ్చేవాడు. మైకు కనబడితే మళ్లీ అదే చెప్పేవాడు.

నాలుగేళ్లు గడిచాయి. రేపోమాపో ఎన్నికల టికెట్ అనగా, కార్యక్రమం కొట్టులోంచే లైవ్ పెట్టారు. యాంకర్ సుప్రజ ముచ్చటపడింది.

"ఆ రోజు షట్టర్ ఎలా దించారో ఒక్కసారి చూపించండన్నా!"

"దించితే పిలుస్తదయ్యా," అంది భూదేవి, పప్పు తూస్తూనే.

కాదంటే బాగుండదు. దించాడు.

నాలుగు దెబ్బలు. "అన్నా!"

"ఎవరో పిలుస్తున్నారు, తీయండి," అంది సుప్రజ మామూలుగా.

ఇన్నయ్య చెయ్యి షట్టర్ మీదే బిగుసుకుపోయింది.

"గా రోజు గూడ గిట్లనే నిలబడ్డనమ్మా. తియ్యలే. నేనెవ్వరిని దాయలే. భయమైంది," అని కెమెరా చూస్తుండగానే షట్టర్ ఎత్తాడు. బయట బస్సులు పోతున్నాయి.

టికెట్ ఇంకొకరికి పోయింది, టీవీ కుర్చీ కూడా. మూడోరోజు నవత వచ్చింది. వంకరగా అతుక్కున్న మణికట్టు కౌంటర్ మీద పెట్టి బ్రెడ్డు అడిగింది.

"తప్పయింది బిడ్డా," అన్నాడు ఇన్నయ్య, తల ఎత్తకుండా.

"తెల్సన్నా. నాలుగేండ్ల సంది టీవీల చూస్తనే ఉన్న."

బ్రెడ్డు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఇన్నయ్య షట్టర్ పూర్తిగా దించాడు. చప్పుడు లేదు. రేకుకు చెవి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. ఒక్కసారి పిలిస్తే బాగుండు, ఈసారి వెంటనే తీద్దును అనుకున్నాడు.