తలుపు దగ్గర కుర్చీ

వడ్రంగి కోడలు ఇంటికొచ్చి, సంచి తలుపు వెనక తగిలించి, ఒక్క మాటైనా మాట్లాడకుండా కూరగాయలు ముందేసుకుని కూర్చుంది. వరండాలో చెక్కకు చిత్రిక పడుతున్న వడ్రంగి తలెత్తి చూశాడు. రోజూ కబుర్లు చెబుతూ తీరిగ్గా కూర తరిగే పిల్ల, ఆ సాయంత్రం కత్తిని విసవిసా నడిపిస్తోంది. అడిగితే ఏమీ లేదంటుందని ఆయనకు తెలుసు. అందుకే సంచిలోంచి తొంగిచూస్తున్న కాగితాన్ని తనే తీసి విప్పాడు. అది కాలేజీ దరఖాస్తు. కుదురైన అక్షరాలతో నింపిన నాలుగు పేజీల మీదా తిరస్కరించినట్టు ఎర్రముద్ర పడి ఉంది.

చదువరులారా, మీ ఇంట్లోనూ ఏ బీరువా అడుగునో ఇలాంటి కాగితం ఒకటి ఉండే ఉంటుంది. రూలు కదా, ఏం చేస్తామని మనం సరిపెట్టుకుంటాం. అలా అందరం సరిపెట్టుకోబట్టే ఈ కథ చెప్పాల్సి వచ్చింది.

ఆ కోడలు ఆస్పత్రిలో ఆయా. ఏడేళ్ళుగా మంచాలు తుడుస్తోంది, దుప్పట్లు మారుస్తోంది, నొప్పితో మూలిగేవాళ్ళ చెయ్యి పట్టుకుని కూర్చుంటోంది. కాలేజీలో రోగుల సేవ నేర్పే రెండేళ్ళ కోర్సు ఉంది. అది చదివితే నర్సుల పక్కన నిలబడి పని చెయ్యొచ్చునని ఆమె ఆశ. కానీ స్కూలు వదిలి ఐదేళ్ళు దాటినవాళ్ళను చేర్చుకోరట. ఆమె వదిలి పదకొండేళ్ళయింది. తండ్రి మంచాన పడితే ఆయన్ని చూసుకోవడానికే చదువు మానేసింది. ఆ సంగతి రాసుకోవడానికి మాత్రం ఆ నాలుగు పేజీల్లో ఎక్కడా చోటు లేదు.

"కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గరాయన తలెత్తి కూడా చూడలేదు మావయ్యా. అయినా ఆయన తప్పేముందిలెండి, రూలు అలా ఉంది," అంది కోడలు, కత్తి ఆపకుండానే.

వడ్రంగికి తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే అది ఆయన కాలేజీ. నలభై ఏళ్ళుగా అక్కడి బల్లలూ కుర్చీలూ తలుపులూ అన్నీ ఆయన చేతి మీదుగా నడిచినవే. పిల్లలు ఆయన్ని మేకు మావయ్య అంటారు. పైగా ఆ సాయంత్రం ఆయన చిత్రిక పడుతున్న చెక్క కూడా కాలేజీదే. నలభయ్యో వార్షికోత్సవానికి అద్దాల పెట్టె ఒకటి చెయ్యమని ప్రిన్సిపాల్ గారు పురమాయించారు. మొదటి రోజుల నాటి కుర్చీని అందులో పెట్టి, వచ్చిన పెద్దలకు చూపిస్తారట.

ఆ కుర్చీ కథ ఇప్పుడు ఎంతమందికి గుర్తుంది?

ఆ కాలేజీ మూతపడిన సబ్బుల ఫ్యాక్టరీ గోదాములో పుట్టింది. ఎండ ముదిరితే గోడల్లోంచి సబ్బు వాసన వచ్చేది. స్కూల్లో ఉద్యోగం మానేసి వచ్చిన ఒకావిడ దాన్ని మొదలుపెట్టింది. ఆవిడ్ని అందరూ పెద్ద టీచరు అనేవాళ్ళు. పేరుకు పెద్దే గానీ మనిషి నిలబడితే నల్లబల్లలో సగానికి వచ్చేది. ఇంకెక్కడా చోటు దొరకనివాళ్ళ కోసమే ఈ కాలేజీ అని చెప్పి, కూర్చోవడానికి ఏమీ లేదు గనక ఎవరి కుర్చీ వాళ్ళే తెచ్చుకోమంది. ముప్ఫై ఒక్క మంది వచ్చారు. మంగలి తన దుకాణంలోని తిరిగే కుర్చీ తెచ్చి, పాఠం మధ్యలో అలవాటుగా గిర్రున తిరిగేవాడు. బస్సు కండక్టరు ఎత్తు స్టూలు తెచ్చి, వెనకవాళ్ళ చేత రోజూ చీవాట్లు తినేవాడు. కుట్టుపని చేసే అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే బెంచీ మోసుకొచ్చి, ఇద్దరికీ ఒకటి చాలదా అని ఎదురు అడిగారు. చదువు ముగిశాక ఎవరూ తమ కుర్చీని వెనక్కి పట్టుకెళ్ళలేదు. తర్వాత వచ్చేవాళ్ళకి ఉంటుందిలే అన్నారు.

అప్పటికి మన వడ్రంగికి ఇరవై ఏళ్ళు. కుర్చీలకు కాళ్ళు బిగించడానికి పిలిస్తే వచ్చాడు. అరపూటలో అయ్యే పని. కానీ తలుపు దగ్గర ఎవరూ కూర్చోకుండా పడున్న పేము కుర్చీ కాలు మాత్రం తొమ్మిది రోజులైనా కుదరలేదు. బిగిస్తాడు, విప్పుతాడు, మళ్ళీ బిగిస్తాడు. చెవులు మాత్రం నల్లబల్ల వైపే. పదో రోజున పెద్ద టీచరు పాఠం ఆపి, ఆ కాలు ఇంకా నయం కాలేదా అని అడిగింది. ఇంకో రెండు రోజులు పడుతుందమ్మా అన్నాడు. గదంతా గొల్లుమంది. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"ఇక బాగుచెయ్యడం ఆపు నాయనా. దాంట్లో కూర్చో," అంది.

ఆ రోజే హాజరు పట్టీ మొదటి పేజీలో ఆవిడ ఒక నియమం రాసిపెట్టింది. ఆ కుర్చీ ఎప్పుడూ తలుపు దగ్గరే ఉండాలి. అందులో కూర్చున్న మనిషిని ఎవరూ ఏమీ అడగకూడదు. నెల రోజులు కూర్చున్నవారి పేరు పట్టీలో ఎక్కించాలి. అంతే. వడ్రంగి చదవడం, రాయడం, పటం చూసి కొలతలు తీయడం నేర్చుకున్నది ఆ పేము కుర్చీలోనే. ఆయన తర్వాత ఎందరు కూర్చున్నారో లెక్క లేదు. వానకు తలదాచుకోవడానికి వచ్చి, ఆఖరికి పంతులైపోయినవాడూ వాళ్ళలో ఉన్నాడు.

తర్వాత కాలేజీ పెరిగింది. గోదాము పోయి ఎనిమిది గదులొచ్చాయి, ఆపైన మూడంతస్తులు, ల్యాబులు, కంప్యూటర్లు. ప్రతి గదికీ వడ్రంగి మురిసిపోయాడు. బోల్టులతో నేలకు బిగించే కొత్త బల్లలు వచ్చినప్పుడు, తలుపు పక్కన కుర్చీకి చోటు మిగల్లేదు. అడ్డంగా ఉందని దాన్ని స్టోరు గదిలో పెట్టారు. ఎవరు పెట్టారు? ఆ సాయంత్రం ఎర్రముద్ర పడ్డ కాగితం పట్టుకుని కూర్చున్న వడ్రంగి ఆలోచన ఆగిపోయింది అక్కడే. తనే పెట్టాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. తను కూర్చుని పైకొచ్చిన కుర్చీని తన చేతులతోనే మోసుకెళ్ళి చీకట్లో పడేశాడు.

మర్నాడు స్టోరు గది తెరిచి, పేము కుర్చీ దుమ్ము దులిపాడు. రోగుల సేవ కోర్సు నడిచే కింది అంతస్తు మూడో గదిలో చివరి బల్ల బోల్టులు విప్పి మూరెడు లోపలికి జరిపి, తలుపు పక్కన కుర్చీ వేశాడు. కోడల్ని కూర్చోమన్నాడు. మీ ఉద్యోగానికి ముప్పొస్తుంది మావయ్యా అని ఆమె భయపడింది. వస్తే రానీ, ఇంట్లో చెక్కపని చాలా ఉంది అన్నాడాయన.

ఆమె ఆస్పత్రిలో సాయంత్రం డ్యూటీ అడిగి మార్పించుకుంది. మొదటి రోజు పాఠం చెప్పే లెక్చరరమ్మ ఎవరు నువ్వని అడిగితే, తలుపు దగ్గర కుర్చీలో కూర్చునే మనిషినండీ అని చెప్పింది. ఆవిడకు అర్థం కాకపోయినా పోనీలే అని ఊరుకుంది. నాలుగో రోజు, లేవలేని రోగి కింద దుప్పటి ఎలా మారుస్తారని ఆవిడ అడిగితే ముందు బల్లలవాళ్ళు పుస్తకాలు తిరగేశారు. కోడలు లేచి వెళ్ళి, ఒక కుర్రాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, అతణ్ణి ఇటు కొంచెం, అటు కొంచెం ఒత్తిగిలిస్తూ రెండు నిమిషాల్లో మార్చి చూపించింది. ఆ తర్వాత లెక్చరరమ్మ ఏమీ అడగలేదు. పైగా ఆమె కోసం ఒక పుస్తకం తెచ్చి ఇచ్చింది.

వార్షికోత్సవం రోజు రానే వచ్చింది. పై హాలు నిండిపోయింది. అందరికీ చోటు చాలదని మొదటి సంవత్సరం వాళ్ళకు కింద పాఠాలు నడుస్తూనే ఉన్నాయి. ఎనభై నాలుగేళ్ళ పెద్ద టీచర్ని చేతికర్ర మీద నడిపించి తీసుకొచ్చారు. ప్రిన్సిపాల్ గారు మంచివారే. కాలేజీ కోసం కాళ్ళరిగేలా తిరిగిన మనిషి. ఆయన గొంతు సవరించుకుని మన చరిత్ర ఇదిగో అంటూ అద్దాల పెట్టె మీది గుడ్డ లాగారు.

పెట్టె ఖాళీగా ఉంది. నున్నగా చిత్రిక పట్టిన చెక్క తప్ప లోపల ఏమీ లేదు.

ప్రిన్సిపాల్ గారు పెట్టె వెనక కూడా వంగి చూశారు. "కుర్చీ ఏదయ్యా?" అన్నారు వడ్రంగి వైపు తిరిగి.

"పనిలో ఉందండి."

ముందుగా నవ్వింది పెద్ద టీచరే. ఆ పక్కనే పూలదండ వేసి ఉంచిన పాత హాజరు పట్టీని చూపించి, మొదటి పేజీ చదవమంది. అంతకాలం అలంకారానికి పెట్టారే గానీ దాన్ని తిప్పి చూసినవాళ్ళు లేరు. ప్రిన్సిపాల్ గారు పైకి చదివారు. చదువుతున్నకొద్దీ ఆయన గొంతు తగ్గిపోయింది. ఆ నియమాన్ని ఎవరూ కొట్టెయ్యలేదు. మర్చిపోయారు, అంతే.

వడ్రంగి దారి చూపిస్తే అందరూ కిందికి దిగి మూడో గది గుమ్మం దగ్గర నిలబడ్డారు. కోడలు హడలిపోయి లేవబోయింది. పెద్ద టీచరు ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"లేవకమ్మా. ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఎవరి కోసమూ లేవనక్కర్లేదు. ఎన్ని రోజులైంది?"

"ఇరవై రెండమ్మా."

"అయితే ఇంకా ఎనిమిది." ఆవిడ ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగి, కోప్పడకుండా నెమ్మదిగా చెప్పింది. "గోదాములో ఉన్నప్పుడు మనకు నాలుగు గోడలు తప్ప ఏమీ లేవు బాబూ. అయినా వచ్చినవాళ్ళని వెనక్కి పంపలేదు. ఇప్పుడు ఇన్ని గదులున్నాయి. కాలేజీ పెద్దదైందని అంతస్తులు లెక్కపెట్టి చెప్పకు. ఎవరూ రానివ్వని మనిషి వస్తే కూర్చోవడానికి చోటుందో లేదో, అది చూసి చెప్పు."

ఎనిమిది రోజుల తర్వాత ప్రిన్సిపాల్ గారు తన చేత్తోనే కోడలి పేరు పట్టీలో రాశారు. ఐదేళ్ళ రూలు గురించి పైవాళ్ళడిగితే నేను చెప్పుకుంటాను అన్నారు. అద్దాల పెట్టె ఏం చెయ్యమంటారని వడ్రంగి అడిగితే, మంచి చెక్క గదా, ఎన్ని కుర్చీలవుతాయని ఆయన ఎదురు అడిగారు. మూడయ్యాయి. మిగతా గదులకు ఇంకా చేస్తూనే ఉన్నాడు.

చదువరులారా, మీకు దగ్గర్లోనూ కాలేజీ ఉండే ఉంటుంది. ఎప్పుడైనా అటు వెళితే గుమ్మం లోపల తలుపు పక్కన ఒకసారి చూడండి. అక్కడ కుర్చీ లేకపోతే, ఎందుకు లేదని అడగండి.