అందరికీ మూడు వందల నలభై

ఆమె కుట్టు మిషన్లు బాగుచేస్తుంది. వీధిలో చిన్నాపెద్దా అందరూ మిషనక్క అనే పిలుస్తారు. తండ్రి దగ్గర నేర్చుకున్న పని అది. చిన్న గది, గోడకు వేలాడే బెల్టులు, తలలు విప్పి పెట్టిన మిషన్లు, డబ్బాల నిండా సూదులు, స్ప్రింగులు, అన్నిటి మీదా నూనె వాసన. చక్రం నాలుగు చుట్లు తిప్పి చెవి ఆనిస్తే చాలు, రోగం ఎక్కడుందో చెప్పేస్తుంది. బిల్లులు మాత్రం కార్బన్ కాగితం పెట్టి పుస్తకంలో చేత్తో రాసేది. పైది ఖాతాదారుకు, కిందిది తనకు. పదిహేనేళ్లు అలాగే నడిచింది. ఎవరికీ కడుపునొప్పి రాలేదు.

వచ్చింది బావగారికి.

బావగారంటే ఆమె భర్తకు అన్న. బీమా ఆఫీసులో ముప్పై రెండేళ్లు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. అక్కడ ఆయన చేసిన పనేమిటో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఇతరులు రాసిన ఉత్తరాల్లో కామాలు సరిచేసేవాడని మాత్రం తెలుసు. రిటైరయ్యాక సరిచేయడానికి కామాలు దొరక్క మనుషుల మీద పడ్డాడు. సొంత భార్య మొదటి నెలలోనే చెవులు మూసేసుకుంది. కొడుకులు ఫోన్ ఎత్తడం మానేశారు. ఇక మిగిలింది తమ్ముడి ఇల్లు. తమ్ముడికి మందుల షాపులో పని. షాపులో బాగానే మాట్లాడతాడు, కానీ అన్న కనబడితే చాలు, నాలుక సెలవు మీద వెళ్లిపోతుంది.

ఒక ఆదివారం బావగారు మిషనక్క షాపుకొచ్చి, బిల్లు పుస్తకాన్ని చచ్చిన ఎలకను ఎత్తినట్టు రెండు వేళ్లతో ఎత్తాడు. ఈ కాలంలో ఈ చీటీలేమిటని అడిగాడు. బిల్లు కంప్యూటర్లో తయారు కావాలన్నాడు, కింద కోడ్ ఉండాలన్నాడు, ఖాతాదారు ఫోన్ చూపిస్తే చాలు డబ్బు వచ్చి పడాలన్నాడు.

కోడ్ మీద ఆమెకేమీ పగ లేదు. వచ్చేవాళ్లలో సగం మంది అదే అడుగుతున్నారు. బ్యాంకు వాళ్లిచ్చే కోడ్ కాగితం ఒకటి గోడకు అంటిస్తే సరిపోతుంది కదా అంది. బావగారు జాలిగా నవ్వాడు.

"అది టీ కొట్టు వాళ్ల పద్ధతమ్మాయ్. బిల్లు బిల్లుకీ వేరే కోడ్ ఉండాలి. కట్టాల్సిన మొత్తం దాని లోపలే ఉంటుంది. వాళ్లు అంకెలు కొట్టక్కర్లేదు. తప్పు జరగడానికే వీల్లేదు."

మాట మంచిదే. చేసేవాడు మంచి పనివాడైతే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

బావగారికి ఆ బిల్లు తయారు కావడానికి మూడు వారాలు పట్టింది. అందులో పన్నెండు రోజులు బొమ్మకే పోయాయి. కుట్టు మిషన్ మీద కాలు పెట్టి నిలబడిన సింహం బొమ్మ. మిషన్ మీద సింహమెందుకని ఆమె అడిగితే, హుందాగా ఉంటుందన్నాడు. ఆ తర్వాత రంగు. ఈ నీలమా ఆ నీలమా అని రోజుకు రెండుసార్లు ఫోన్. ఆమెకు రెండూ ఒకే నీలంలా కనిపించేవి. ఆ మాట అంటే, చూసే కన్నుండాలన్నాడు. అడుగున చీమల బారులాంటి అక్షరాల్లో పదకొండు నిబంధనలు. వాటిలో ఒకటి, వివాదమేదైనా వస్తే ఏ కోర్టుకు వెళ్లాలో చెప్పేది. సూదికి నూనె వేయించుకున్న మనిషి కోర్టుకెందుకు వెళ్తాడో బావగారికే తెలియాలి.

నెలాఖరుకు ముప్పై ఒక్క బిల్లులు సిద్ధమయ్యాయి. మొదటిది లేసులు అమ్మే షాపుది, మూడు వందల నలభై. దాన్ని బావగారు స్వయంగా స్కాన్ చేసి, ఫోన్ మీద ఆ అంకె కనబడగానే తమ్ముడి వీపు తట్టాడు. మిగతావి కూడా ఒకసారి చూద్దామా అని మిషనక్క అడిగింది. ఆయన మొహం ముడుచుకుపోయింది. ముప్పై రెండేళ్ల సర్వీసులో తన కాగితాన్ని ఎవరూ రెండోసారి చూడలేదన్నాడు. నిజమే అయ్యుంటుంది. మొదటిసారి చూశారో లేదో కూడా అనుమానమే.

బిల్లులు వెళ్లాయి. మర్నాడు పొద్దున్నే బల్ల మీది పెట్టె పలికింది. డబ్బు పడగానే ఎంత పడిందో పైకి చదివి చెప్పే పెట్టె అది, బ్యాంకు వాళ్లిచ్చింది. "మూడు వందల నలభై అందాయి" అంది. లేసుల షాపు కాబోలనుకుని ఆమె సంతోషపడింది. కాసేపటికి మళ్లీ మూడు వందల నలభై. కాస్త ఆగి మళ్లీ అదే. ఆరోసారి అదే అంకె వినబడ్డాక ఆమె స్క్రూడ్రైవర్ కింద పెట్టి, చేతులు తుడుచుకుని, బిల్లుల నకళ్లు ముందేసుకుంది. ఒక్కో కోడ్ మీదా ఫోన్ పెట్టి చూసింది. కాగితం మీద నూట ఇరవై ఉన్నా, రెండు వేలున్నా, పద్నాలుగు వేల ఆరు వందలున్నా ఫోన్ మాత్రం ఒకే పాట పాడింది.

జరిగింది తెలుసుకోవడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేకపోయింది. మేధావి మొదటి బిల్లుకు నకళ్లు తీసుకుంటూ పోయాడు. పేర్లు మార్చాడు, అంకెలు మార్చాడు, సింహాన్ని రెండు గీతలు కుడికి జరిపాడు. కోడ్ లోపలి మొత్తాన్ని మార్చలేదు.

ఆ రోజు కట్టినవాళ్లు ఇరవై రెండు మంది. సరిగ్గా కట్టింది లేసుల షాపు ఒక్కటే. నలుగురు కట్టాల్సిందానికంటే ఎక్కువ కట్టారు. ఆ నలుగురూ చీకటి పడకముందే గుమ్మంలో ఉన్నారు. నూట ఇరవై కట్టాల్సిన ఆవిడైతే చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వచ్చి, ఇన్నాళ్ల నమ్మకాన్ని ఇలా చేశావేమిటని నిలదీసింది. మిషనక్క నలుగురికీ అక్కడే డబ్బు తిరిగిచ్చి పంపింది.

పదిహేడు మంది తక్కువ కట్టారు. వాళ్ల దగ్గర్నుంచి చడీచప్పుడూ లేదు. వారం దాకా పదిహేడు మందీ తేలు కుట్టిన దొంగల్లా ఊరుకున్నారు. బిల్లు మీద రెండు వేల ఎనిమిది వందలని కొట్టొచ్చినట్టు కనబడుతుండగా మూడు వందల నలభై కట్టినవాళ్లకు అనుమానం రాలేదట. రోజూ నమస్కారం పెట్టే దర్జీ ఒకడు ఆమెను చూసి అవతలి పక్కకు దాటి నడవడం మొదలుపెట్టాడు.

పదిహేడులో ఒక్కడే తనంతట తాను వచ్చాడు. కర్టెన్లు కుట్టే ముసలాయన, పిల్లికి బిచ్చం పెట్టడని పేరు. పదిహేనేళ్లుగా ప్రతి బిల్లులోనూ పది తగ్గించమని పీక్కుతినేవాడు. ఆయన వచ్చి, మిగతా ఐదు వందల అరవై బల్ల మీద లెక్కపెట్టి, లెక్క రానివాళ్లు షాపులెందుకు పెడతారని చివాట్లు వేశాడు. ఇంత దూరం నడిచొచ్చినందుకు పది తగ్గించమని కూడా అడిగాడు. ఆమె ఇరవై తగ్గించింది.

బావగారికి కబురు పెడితే ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కోడ్‌లో తప్పేమీ లేదని, జనానికి స్కాన్ చేయడం రావడం లేదని తేల్చాడు. మొదటి బిల్లు పనిచేసిందంటే మిగతావి పనిచేయకపోవడానికి కారణం ఆయనకు కనబడలేదు. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

అందరికంటే పెద్ద బాకీ కుట్టు శిక్షణ కేంద్రానిది. పన్నెండు మిషన్లు, నాలుగింటికి కొత్త మోటార్లు, పద్నాలుగు వేల ఆరు వందలు. రెండుసార్లు ఫోన్ చేస్తే మేడమ్ మీటింగులో ఉన్నారన్నారు. ఇక లాభం లేదని ఆమె సంచీ భుజాన వేసుకుని బయల్దేరింది. విషయం సాంకేతికం, నువ్వు మాట్లాడలేవంటూ బావగారు వెంటపడ్డాడు.

కేంద్రం నడిపే డైరెక్టరమ్మ గదిలో గోడ మీద "నిజాయితీయే మన దారం" అని రాసి ఉంది. దాని కింద కూర్చుని ఆవిడ చల్లగా చెప్పింది.

"మీ కోడ్ అడిగినంతా కట్టాం. రసీదు కూడా వచ్చింది. మా పుస్తకాల్లో ఈ బిల్లు ముగిసిపోయింది. మళ్లీ తెరవాలంటే కమిటీ కూర్చోవాలి. మూడు నెలలకోసారి కూర్చుంటారు."

కాగితం మీద పద్నాలుగు వేల ఆరు వందలని ఉంది కదా అని మిషనక్క అడిగింది. కాగితం ఏదైనా అనొచ్చు, కట్టేది కోడ్‌ను బట్టేనంది ఆవిడ. అప్పుడు బావగారు గొంతు సవరించుకున్నాడు. మరదలి తరఫున గట్టిగా ఒక మాట అంటాడేమోనని ఎవరైనా అనుకుంటారు. ఆయన తలాడిస్తూ, "ప్రొసీజర్ ప్రకారం చూస్తే ఆవిడ చెప్పింది సబబే" అన్నాడు. ఆఫీసు కుర్చీ కనబడితే ఆయన ప్రాణం అటే లాగుతుంది.

మిషనక్క సంచీ అందుకుంది. లేచి పక్క హాల్లోకి నడిచింది. ఇరవై మంది ఆడవాళ్లు వంచిన తలలతో కుడుతున్నారు. మొదటి వరుసలో మొదటి మిషన్ దగ్గర కూర్చున్నావిడను కాస్త లేవమంది. నేల మీద గుడ్డ పరిచి, సంచీలోంచి స్క్రూడ్రైవర్ తీసి, తాను బిగించిన కొత్త మోటారు విప్పడం మొదలుపెట్టింది. డైరెక్టరమ్మ పరుగున వచ్చి ఏం చేస్తున్నావని అడిగింది.

"మూడొందల నలభైకి ఒక బెల్టు, కాస్త నూనె వస్తాయండీ. అవి మీకు వదిలేస్తాను. మిగతావి నా సామాన్లు, తీసుకెళ్తున్నాను."

గొంతు పెంచలేదు. మిషన్ పాడైందని చెప్పే గొంతుతోనే చెప్పింది. మొదటి మోటారు గుడ్డ మీదికి చేరింది. రెండో మిషన్ దగ్గరికి జరిగింది. హాలంతా పెడళ్లు ఆగిపోయాయి. మూడో మిషన్ మీద కుట్టుకుంటున్న అమ్మాయి ఎవరూ చెప్పకుండానే తన గుడ్డ మడిచి, కుర్చీ వెనక్కి లాగి, ఆమెకు చోటిచ్చింది. అది చూశాక డైరెక్టరమ్మ మొహంలో రంగు మారింది. రెండో మోటారుకు చివరి స్క్రూ ఉండగా ఆవిడ ఫోన్ తీసింది. పద్నాలుగు వేల రెండు వందల అరవై. మూడు నెలలకోసారి కూర్చునే కమిటీ ఆవిడ అరచేతిలో అర నిమిషంలో కూర్చుని లేచింది.

ఫోన్‌లో మెసేజ్ చూసుకుని మిషనక్క విప్పిన మోటార్లు మళ్లీ బిగించింది. ఆ బిగింపుకు డబ్బు అడగలేదు. అడగాల్సింది.

బయటికొచ్చాక బావగారు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, తాను మెత్తగా మాట్లాడి దారి తెరిచాడు గనకే పని జరిగిందన్నాడు. వచ్చే నెల బిల్లుల్లో సింహానికి బంగారు రంగు వేద్దామనుకుంటున్నానని కూడా అన్నాడు. ఆమె నడుస్తున్నదల్లా ఆగింది.

"బావగారూ, బిల్లుల పని ఇక నేను చూసుకుంటాను. మీరు శ్రమ పడొద్దు."

"నీకు రాదమ్మాయ్. అది పట్టుబడ్డానికి నాకే మూడు వారాలు పట్టింది."

"అందుకే" అంది ఆమె.

ఆయనకు ఆ మాట అర్థం కావడానికి బస్సు స్టాపు దాకా పట్టింది. అర్థమయ్యాక ఆమె పక్క సీటులో కూర్చోలేదు.

మర్నాడు మధ్యాహ్నం మిషనక్క కంప్యూటర్ ముందు కూర్చుంది. లోపల ఎన్ని చిక్కుముళ్లుంటాయోనని భయపడుతూనే తెరిచింది. కోడ్ పక్కనే ఒక గడి ఉంది. దాని మీద "మొత్తం" అని రాసి ఉంది. అందులో అంకె మారిస్తే కోడ్ మారుతుంది. అంతే విద్య. మూడు వారాలు ఆ గడి పక్కనే కూర్చుని రెండు నీలాల తేడా కనిపెట్టిన మనిషికి ఆ ఒక్క మాట కనబడలేదు. ఆమె పావుగంటలో సింహాన్ని తీసేసింది, పదకొండు నిబంధనలు తీసేసింది. పని, సామాను, మొత్తం, కింద కోడ్ ఉంచింది. ప్రతి బిల్లూ పంపేముందు ఆమె అంకె చదువుతుంటే భర్త తన ఫోన్ పెట్టి చూసి ఔననేవాడు.

కొన్నాళ్లకు బావగారు తమ్ముడికి ఫోన్ చేశాడు. నీ భార్య మర్యాద మరిచిందని, తాను లేకుండా ఆ బిల్లులు ఎలా నడుస్తాయో చూస్తానని చాలాసేపు చెప్పాడు. తమ్ముడు అంతా విని, "నడుస్తున్నాయి అన్నయ్యా" అన్నాడు. ఫోన్ పెట్టేసి గ్లాసుడు నీళ్లు తాగాడు. పెళ్లయ్యాక ఆయన అన్నతో అన్న మాటల్లో అంత పొడుగైనది ఇంకోటి లేదు.

తక్కువ కట్టిన మిగతా పదిహేను మంది దగ్గరికీ మిషనక్క స్వయంగా వెళ్లింది. అడగ్గానే పదముగ్గురు ఇచ్చారు. ఇస్తూ ఒక్కొక్కరూ, అయ్యో మేమే వద్దామనుకుంటున్నామన్నారు. పదముగ్గురూ ఒకే మాట ఎలా నేర్చుకున్నారో మరి. ఇద్దరు ఇవ్వలేదు. ఆ ఇద్దరి మిషన్లు ఇప్పుడు డబ్బు బల్ల మీద పెట్టాకే లోపలికి వస్తాయి. రోడ్డు దాటిపోయిన దర్జీ మళ్లీ ఇటుపక్కే నడుస్తున్నాడు, నమస్కారం కాస్త ఎక్కువ వంగి పెడుతున్నాడు.

బావగారు మాత్రం ఆ షాపును కంప్యూటర్ దారి పట్టించింది తానేనని పదిమందిలో చెప్పుకుంటున్నాడు. ఈ మధ్య ఆయన వేలు విడిచిన మేనల్లుడొకడు మంచినీళ్ల క్యాన్ల వ్యాపారం పెట్టాడట, దాని బిల్లులు ఈయన చేతికి అప్పగించాడట. తిమింగలం బొమ్మ కోసం వెతుకుతున్నాడని తోడికోడలు చెప్పింది.