తలాపున చోటు

తెల్లారకముందే మెలియామె కొయ్య దిమ్మె ముందు కూర్చుని నార కొడుతోంది. రాత్రంతా నీళ్ళలో నానిన చెట్టునార అది. అరచేయంత వెడల్పున్నది దెబ్బ దెబ్బకీ పలచబడి పక్కలకు పాకుతోంది. ముందు కర్రకి గాట్లున్న వైపుతో కొట్టాలి, నార లొంగాక కర్ర తిప్పి నున్నటి వైపుతో కొట్టాలి. ఏళ్ళ తరబడి ఇదే పని చేసీ చేసీ ఆమె కుడి భుజం ఎడమ భుజం కన్నా లావెక్కింది. ఏ రవికె కుట్టించుకున్నా కుడి చేతి దగ్గరే పిగులుతుంది.

ఊళ్ళో మరికొన్ని ఇళ్ళ నుంచి కూడా ఇదే చప్పుడు వినిపిస్తోంది. ఒక్కో ఆడదాని దెబ్బ ఒక్కో రకం. వింటే ఎవరిదో చెప్పేయొచ్చు. మెలియామెది మరీ తేలిక. ఒళ్ళు మండినప్పుడు ఆమె రెండు దెబ్బలు వేసే చోట మూడు వేస్తుంది. ఇవాళ పొద్దుట్నుంచీ అన్నీ మూడేసే.

తాపా అనే ఆ నారబట్ట మోలితోని బాబాయి కోసం. ఆయన ఇంకా పోలేదు. కానీ చేమదుంప మింగడం మానేసి చాలా రోజులైంది, ఇప్పుడు నీళ్ళు కూడా పక్కనుంచి కారిపోతున్నాయి. ఆయన కోడలు వచ్చి, పెద్దాయన కింద పరవడానికి నీ చేతి తాపాయే కావాలి, అంత మెత్తగా ఇంకెవరు కొడతారు అని బతిమాలి వెళ్ళింది. మెలియామె సరేనంది. సరేనన్నప్పటి నుంచీ కడుపులో మంట. ఎందుకంటే ఆ తాపా చివరికి ఎవరింటికి చేరుతుందో ఆమెకు తెలుసు. కలోలైని ఇంటికి.

మా తోంగాలో మగవాడు ఎంత మొనగాడైనా అక్కచెల్లెళ్ళ ముందు తల వంచాల్సిందే. ఇంట్లో చావు జరిగితే, తండ్రి వైపు ఆడపడుచుల్లో పెద్దామె గానీ, ఆమె సంతతిలో ఒకరు గానీ వచ్చి శవం తలాపున కూర్చోవాలి. ఆమెను ఫాహూ అంటారు. ఆమె కూర్చుంటే తప్ప చావుకు కళ రాదు. వచ్చిన చాపల్లో, తాపాల్లో మేలైనవన్నీ ఆమె ముందే పెడతారు, ఆమె ఇంటికే మోస్తారు. ఆమె ఏది అడిగినా కాదనే నోరు ఆ ఇంట్లో ఉండదు.

మోలితోని తాత పేరు మాకా. మాకాకు తోడబుట్టిన ఆడవాళ్ళు ఇద్దరు, లేసియేలి, ఓఫెయినా. మాకా వంశంలో ఎవరు పోయినా తలాపున కూర్చునేది ఓఫెయినా మునిమనవరాలు కలోలైని. ఆమెకు ముందు ఆమె తల్లి కూర్చుంది, ఆ తల్లికి ముందు అమ్మమ్మ. లేసియేలి మునిమనవరాలైన మెలియామెకు మాత్రం గోడవార చోటు. కాసేపు అక్కడ మొహం ముడుచుకుని కూర్చుని, ఎవరూ చూడకుండా లేచి వెనక వంటపాక దగ్గరికి పోయి, ఆడవాళ్ళ పక్కన పీట వేసుకుని దుంపలు చెక్కుతూ కడుపులో ఉన్నదంతా కక్కుతుంది. ఫాహూ అయితే అలా లేవకూడదు. కలోలైని లేవదు కూడా. వీపు నిటారుగా, గడ్డం పైకెత్తి, ఈ లోకమే తన కోసం పుట్టినట్టు కూర్చుంటుంది. ఆ గడ్డం చూస్తేనే మెలియామెకు ఒళ్ళు కంపరం.

కలోలైని ఇంట్లో తాపాల మడతలు వాసాల్ని తాకుతుంటాయి. ఒకసారి ఏదో పని మీద వెళ్తే, తన చేత్తో కొట్టిన తాపా మీద పిల్లి ఈని ఉండడం మెలియామె కంటపడింది. గుర్తుపట్టదా, అంచులో తను వేసిన అతుకు ఉంది కదా. పిల్లిపిల్లలు దాన్ని చప్పరిస్తున్నాయి. ఆ రోజు ఇంటికొచ్చి అన్నపానీయాలు ముట్టలేదు.

పక్కింటి సియూ మోలితోని కోడలికి చెల్లెలు వరస. ఆమె తన నార ఆరబెట్టుకోవడానికి వచ్చి, మెలియామె దెబ్బలు విని నవ్వింది.

"ఆ నార ఏం పాపం చేసింది వదినా? కలోలైని మొహం అనుకుని కొడుతున్నట్టున్నావు."

మెలియామె నార తిరగేసి మళ్ళీ మూడు దెబ్బలు వేసింది.

"నీ చెమటంతా ఆవిడ ఇంట్లో మూలుగుతోంది. ఆ పిల్లికైనా నీ పేరు పెట్టమను, కాస్త రుణం తీరుతుంది. అయినా నాకు తెలీక అడుగుతాను, ఓఫెయినాయే పెద్దదని నీకెవరు చెప్పారు? నువ్వు పుట్టేసరికి ఆ ఇద్దరూ మట్టిలో ఉన్నారు కదా."

సియూ ఊరికే అన్నదే. కానీ కర్ర ఆగిపోయింది. నిజమే, ఎవరు చెప్పారు? చిన్నప్పుడు ఒకసారి తల్లిని అడిగితే మూతి మీద కొట్టింది. అడుక్కునే బుద్ధులు ఎక్కడ నేర్చావే అంది. అంతే, ఆ మాట మళ్ళీ ఇంట్లో పుట్టలేదు. ఇంతకాలం తను కుళ్ళింది, ఏడ్చింది, శాపాలు పెట్టింది గానీ ఎవర్నీ ఒక్క ముక్క అడగలేదు.

నార తడిగుడ్డలో చుట్టి పెట్టి, గబగబా లంగా మార్చి, బస్సెక్కింది.

ఫూసీ ముసలమ్మ ఉండేది అవతలి తీరాన. మాకా కూతుళ్ళలో ఆఖరి కూతురి బిడ్డ. చూపు పోయింది గానీ చేతులు ఇంకా చాప అల్లుతూనే ఉన్నాయి. ఎవరు ఎవరికి పుట్టారో, ఎవరు ఎవరిని వదిలేశారో ఆమెకు నోటికి వచ్చు. మెలియామె తెచ్చిన రొట్టె వాసన చూసి పక్కన పెట్టుకుని, ఏం కావాలో అడగమంది. మెలియామె ఎండ గురించి, బస్సు గురించి, ముసలమ్మ కాళ్ళవాపు గురించి మాట్లాడి, చివరికి మా ముత్తవ్వ గురించి చెప్పు పెద్దమ్మా అంది.

"చెప్పడానికేముంది, ఈర్ష్య ముండ," అంది ఫూసీ, చాప మీంచి చేతులు తీయకుండానే.

తరవాత పద్ధతిగా మొదలుపెట్టింది. మాకాకు తొలిచూలు కొడుకు పుట్టినప్పుడు పేరు పెట్టింది లేసియేలి. తొలిబిడ్డకు పేరు పెట్టే హక్కు పెద్ద మేనత్తది, ఇంకెవరిదీ కాదు. అప్పటికి ఓఫెయినా ఇంకా జడలేసుకుని తిరిగే పిల్ల. లేసియేలి పెళ్ళయి ఉత్తర దీవికి వెళ్ళిపోయింది. ఓఫెయినా ఊళ్ళోనే ఉండి చక్కని పిల్లగా పెరిగింది. ఎవరు చూసినా చిన్నదాని అందమే పొగిడేవాళ్ళు. పెద్దదానికి అది పంటి కింద రాయి.

"ఆ పిల్లవాడు పెళ్ళి కాకుండానే సముద్రంలో పోయాడు, శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. కబురు వెళ్ళి, పడవ దొరికి, మీ ముత్తవ్వ వచ్చేసరికి తలాపున ఓఫెయినా కూర్చుని ఉంది. ఎవరో ఒకరు కూర్చోవాలిగా మరి. మీ ముత్తవ్వ గుమ్మంలో నిలబడి చూసింది. తను పేరు పెట్టిన బిడ్డ, మేనల్లుడు, అక్కడ పడుకుని ఉన్నాడు. ఆవిడకి ఆ బిడ్డ కనపడలేదే. చెల్లెలు కూర్చున్న చోటే కనపడింది. ఒక్క అడుగు లోపలికేసి 'లేవే' అంటే లేచేది. అనలేదు. నేను అడగడమేంటి, అదే లేవాలి అని, వచ్చిన కాళ్ళతోటే పడవెక్కింది."

"మరి ఓఫెయినా?"

"అడగందే నేనెందుకు లేవాలి అని అది. ఇద్దరూ ఇద్దరే."

ముసలమ్మ అక్కడితో ఆపలేదు. లేసియేలి కూతురు మళ్ళీ మాకా ఊరికే కోడలుగా వచ్చింది, ప్రతి చావుకీ వచ్చేది, కానీ ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టేది కాదట. మనవరాలు, అంటే మెలియామె తల్లి, పాటలు పాడేటప్పుడు నోరు కదిపేది గానీ గొంతు కలిపేది కాదట. ఒక్కరూ అడగలేదు. ఒక్కరూ మర్చిపోలేదు. ఇదంతా చెబుతూ ఫూసీ బోసినోటితో నవ్వింది. మెలియామె నవ్వలేదు. అంత కథలోనూ ఆమె చెవికెక్కింది ఒకటే. పెద్దది లేసియేలి.

బస్సులో దారంతా మాటలు పేర్చుకుంది. కలోలైని మొహం ఎలా మాడిపోతుందో చూసుకుని మురిసింది. మోలితోని బాబాయి ఇంకో నాలుగు రోజులు ఉంటే బావుండు, అందర్నీ పిలిచి నిదానంగా చెప్పొచ్చు అనుకుంది.

ఊళ్ళో దిగేసరికి మధ్యాహ్నం వాలింది. నార కొట్టే చప్పుళ్ళు మామూలుగానే ఉన్నాయి. చర్చి దాటుతుండగా మోలితోని ఇంటి పక్కనుంచి వచ్చే చప్పుడు ఆగిపోయింది. తరవాత దాని పక్కింట్లో. తరవాత వీధి మలుపులో. ఆఖరికి సియూ దెబ్బ కూడా సగంలో ఆగింది. శవం మట్టిలోకి వెళ్ళేదాకా ఊళ్ళో ఎవరూ ఇక కర్ర ఎత్తరు. వీధి అంత నిశ్శబ్దంగా ఉంటే కొబ్బరాకుల గలగల కూడా పెద్దగా వినిపించింది.

మెలియామె నోటికి అయ్యో బాబాయ్ అని రాలేదు. అయ్యో, అది అప్పుడే కూర్చుని ఉంటుంది అని వచ్చింది.

ఇంటికి వెళ్ళి స్నానం చేసి, నల్లబట్టలు కట్టుకుని, నడుముకు చావుల్లో కట్టే ముతక చాప చుట్టుకుంది. చుట్టుకుని అరుగు మీద కూర్చుండిపోయింది. వెళ్ళాలా? వెళ్ళి అందరి ముందూ చెయ్యి చాపాలా? నిజం తెలిసిన ఫూసీ ఉంది కదా, వాళ్ళే కబురు పంపనీ. వాళ్ళే వచ్చి కాళ్ళు పట్టుకుని తీసుకెళ్ళనీ. ఇవాళ రాకపోతే ఇంక ఆ గడపే తొక్కను. కళ్ళ వెంట నీళ్ళు కారాయి, తన మీద తనకే జాలి వేసింది, ఆ జాలి ఎంతో హాయిగా కూడా ఉంది. అలా కొంతసేపు కూర్చున్నాక, పడవెక్కిన లేసియేలి కూడా ఇలాగే హాయిగా ఏడ్చి ఉంటుందని తోచింది. దాంతో మెలియామెకు చచ్చేంత సిగ్గేసింది. లేచి నడిచింది.

మోలితోనిని కడిగి, తెల్లబట్టలు తొడిగి, చాపల మీద పడుకోబెట్టారు. చుట్టూ ఆడవాళ్ళు. తలాపున కలోలైని, నిటారుగా. పాట మొదలుపెట్టబోతున్నారు. మెలియామె గుమ్మంలో ఆగింది. కాళ్ళు వాటంతట అవే గోడవైపు తిరిగాయి. వాటిని బలవంతాన మళ్ళించి తలాపు దాకా వెళ్ళింది.

"లే అక్కా. అది మా చోటు." ఇన్ని మాటలు పేర్చుకుంటే వచ్చినవి ఇవే.

కలోలైని తలెత్తి చూసింది.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఫూసీ పెద్దమ్మ."

"నాకు మా అమ్మమ్మ చెప్పింది, నేను ఇంతున్నప్పుడే. వాళ్ళు అడిగిన రోజు లేచి ఇచ్చెయ్, అడక్కుండా మాత్రం లేవకు అని." ఆమె గొంతు తగ్గించింది. "ప్రతి చావుకీ గుమ్మం వంక చూసేదాన్ని. వచ్చేదానివి, గోడకి చేరేదానివి, నన్ను కళ్ళతోటే కాల్చేదానివి. నోరు మాత్రం విప్పేదానివి కాదు. నువ్వొక్కదానివే కుళ్ళావనుకున్నావా? కాసేపు కూర్చుని నువ్వు వెనక వంటపాకకి వెళ్ళిపోతే నాకెలా ఉండేదో ఎప్పుడైనా అడిగావా?"

మెలియామె నడుముకున్న చాప అంచు సర్దుకుంది.

"రా అక్కా, కూర్చో," అంది కలోలైని. వయసులో మెలియామె కన్నా ఏడెనిమిదేళ్ళు పెద్దది, పుట్టి బుద్ధెరిగాక మెలియామెను అక్కా అని పిలవడం ఇదే మొదలు, వరసకి పెద్దదాని సంతతి మరి. కలోలైనికి లేవడం ఒక పట్టాన కాలేదు. ఒక చెయ్యి నేలకీ, ఒక చెయ్యి గోడకీ ఆనించి, సగం లేచి, మళ్ళీ కూలబడి, ఇద్దరు పట్టుకుంటే నిలబడింది. ఎవరి వంకా చూడకుండా వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయింది.

మెలియామె తలాపున కూర్చుంది. ఒక్కొక్కరే మోకాళ్ళ మీద వచ్చి, చనిపోయినవాడి నుదురు ముద్దుపెట్టుకుని, ఆమె ముందు తల వంచారు. చాపలు తెచ్చి పెట్టారు, తాపాలు తెచ్చి పెట్టారు. అబ్బ, ఆ మొదటి గంట! వీపు దానంతటదే నిటారైంది. గడ్డం కూడా కొంచెం లేచిందని ఆమెకు తెలుసు, దించలేదు. అమ్మా చూడు, అవ్వా చూడు అని లోపల్లోపల అందర్నీ పిలిచింది.

తరవాత చూపు కిందికి వాలింది. మోలితోని మొహం ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. కనుబొమ్మలో ఒక పాత గాటు ఉంది. అది ఎలా పడిందో తెలియదు. ఇన్ని చావులకు వెళ్ళింది గానీ, పడుకున్నవాళ్ళ మొహం ఒక్కరిదీ గుర్తు లేదు. గుర్తున్నదల్లా కలోలైని గడ్డమే. అప్పుడు ఏడుపొచ్చింది, ఈసారి బాబాయి కోసమే. ఎవరూ దగ్గరికొచ్చి భుజం తట్టలేదు. ఫాహూని తట్టరు.

పొద్దు గుంకింది. కాళ్ళు మొద్దుబారాయి, కదపకూడదు. దాహమేసింది, అడగకూడదు. పాటకీ పాటకీ మధ్య గది నిశ్శబ్దమైనప్పుడు, వెనక వంటపాక నుంచి నవ్వులు వినిపించాయి. సియూ నవ్వు, దాన్ని మించి ఇంకో నవ్వు. ఎవరిదో ముందు పోల్చుకోలేకపోయింది. మగవాళ్ళు నవ్వినట్టు పొట్ట లోంచి వస్తోంది. ఇన్నేళ్ళలో కలోలైని నవ్వగా ఆమె వినలేదు మరి. చెయ్యక్కరలేని పనికి కూర్చుని, దుంపలు చెక్కుతూ ఏదో చెబుతోంది, ఆడవాళ్ళంతా విరగబడుతున్నారు. సియూ పక్కన ఆ పీట మీద. తన పీట మీద.

మెలియామె కడుపులో మంట మళ్ళీ రాజుకుంది.

ఎవరూ చూడకుండా కాలు కాస్త సర్దుకోబోతే, చాప అంచు కింద చేతికి ఏదో గట్టిగా తగిలింది. మోకాళ్ళకు రాసుకునే నొప్పుల మందు, కలోలైని వదిలి వెళ్ళిన చిన్న గాజుసీసా. మూత సరిగ్గా బిగించలేదు, అడుగున వేలికి అంటేంత మిగిలి ఉంది.