మంచానికి నీలం చీటీ

అడుగంటకుండా వంటమ్మ ఒక చేత్తో పిండి జిగురు కలియబెడుతోంది. ఇంకో చేత్తో పక్క పొయ్యి మీది కూర మూత తీసి చూస్తోంది. హాల్లో ఉన్న మనుషులకి తిండి కావాలి, హాల్లో ఉన్న సామానుకి జిగురు కావాలి. జిగురే ముందు పట్రమ్మని రెండుసార్లు కేక వచ్చింది.

పెద్దావిడ పోయాక కొడుకూ కూతురూ ఇల్లు అమ్మేశారు. ఆ సాయంత్రమే కొన్నవాళ్ళకి తాళాలివ్వాలి. అందుకని పొద్దుటి నుంచీ సామాను పంచుకుంటున్నారు. పెద్దబాబుగారివి ఎర్ర చీటీలు, చిన్నమ్మగారివి నీలం చీటీలు. ఎవరి వాటాకి వచ్చిన వస్తువు మీద వాళ్ళ చీటీ అంటించాలి. వాళ్ళు కుర్చీల్లో కూచుని వేలు చూపిస్తారు. వంగి అంటించేది వంటమ్మ.

వంటింటి గడప మీద వంటమ్మ కూతురు ఉల్లిపాయలు ఒలుస్తోంది. సన్నగా ఉంటుందని పెద్దావిడే దాన్ని చిన్నప్పుడు పుల్ల అని పిలిచింది. ఇంటా బయటా ఆ పేరే నిలిచిపోయింది. మధ్యాహ్నం దానికి ఇంగ్లీషు పరీక్ష. పుస్తకం తెరిచి, పేజీ మడతపడకుండా మోకాలితో నొక్కిపెట్టి, ఉల్లిపాయ ఘాటుకి ముక్కు ఎగబీలుస్తూ వల్లె వేస్తోంది.

"ఇన్హెరిట్ అంటే వారసత్వంగా పొందడం. వెనకాల ఆర్ తగిలిస్తే ఇన్హెరిటర్, పొందేవాడు. ఎన్స్ తగిలిస్తే ఇన్హెరిటెన్స్, పొందే ఆస్తి. ముందు డిస్ తగిలిస్తే డిస్ఇన్హెరిట్, నీకేమీ లేదు పొమ్మనడం..."

"అమ్మ బాబోయ్! ఒక్క మాటకి అన్ని తోకలేమిటే?" అంది వంటమ్మ.

"తోకలే కాదు, కొమ్ములూ ఉన్నాయి. ముందు తగిలించేవి కొమ్ములు, వెనక తగిలించేవి తోకలు. అలా గుర్తుపెట్టుకోమంది మా టీచరు."

"మరి మధ్యలో గొడ్డేదీ?"

పుల్ల కిసుక్కున నవ్వింది. "హెయిర్. అంటే వారసుడు. ఈ మాటలన్నీ ఆ ఇంటివే. దానికి ఎస్ తగిలిస్తే హెయిరెస్, వారసురాలు. లూమ్ అని ఇంకో మాట అతికిస్తే హెయిర్లూమ్. తరతరాలుగా ఒకే ఇంట్లో చేతులు మారే వస్తువు."

"ఈ గుండిగలాగా?" కూర ఉడుకుతున్న పాత ఇత్తడి గిన్నెని గరిటతో తట్టింది వంటమ్మ.

"ఆఁ, అచ్చం ఈ గుండిగలాగే."

"పెద్దావిడ కాపురానికొచ్చినప్పుడు ఈ గుండిగా, మా అమ్మా ఒకే బండిలో దిగారే. అయితే మీ అమ్మమ్మ కూడా ఆ లూమో గీమో అన్నమాట!"

తల్లీకూతుళ్ళిద్దరూ నవ్వారు. నవ్వుతూనే వంటమ్మ జిగురు గిన్నె పట్టుకుని హాల్లోకి వెళ్ళింది.

అక్కడ నిలువుటద్దం దగ్గర పంపకం ఆగింది. చిన్నప్పుడు తను జడ వేసుకున్న అద్దమని చిన్నమ్మగారంటే, నువ్వు విసిరిన దువ్వెనకే కదా ఆ మూల పగిలిందని పెద్దబాబుగారన్నారు. చివరికి పగిలిన మూలని చూసుకుని ఆయనే వదులుకున్నారు. వంటమ్మ అద్దం వెనక నీలం చీటీ అంటించింది.

"వెనకగదిలో కూడా ఒకటి అంటించాను, చూశావా?" అంది చిన్నమ్మగారు. "నీకు చేతినిండా పని కదా అని నేనే వెళ్ళి అంటించా."

వెనకగది వంటమ్మది. అంటే, వంటమ్మా పుల్లా ఉండేది. ఆమె వెళ్ళి చూసింది. పుల్ల పడుకునే ఇనపమంచం తల దగ్గర నీలం చీటీ తడితడిగా మెరుస్తోంది.

తిరిగి హాల్లోకి వచ్చింది.

"అది పిల్ల పడుకునే మంచమండీ."

"నాకు తెలీదటే? అలవాటైన మంచమైతే హాయిగా నిద్ర పడుతుంది. కొత్తచోట బెంగపెట్టుకోదూ?"

"ఏ కొత్తచోటండీ?"

చిన్నమ్మగారు అన్నగారి వైపు చూసింది. "నువ్వింకా చెప్పలేదా అన్నయ్యా?"

"చెప్పడానికేముంది!" పెద్దబాబుగారు ఎర్ర చీటీల కట్ట సర్దుకుంటూ అన్నారు. "నువ్వు మా ఇంటికి. పిల్ల చెల్లాయి వాళ్ళింటికి. మీ ఇద్దర్నీ ఒక్కరే తీసుకుంటే రెండో వాళ్ళకి అన్యాయం కాదూ? అమ్మ ఉన్నా ఇలాగే చేసేది."

"దాని చదువు..."

"మా పిల్లల పాత పుస్తకాలు అటకనిండా ఉన్నాయి. పనయ్యాక చదువుకుంటుందిలే, నేనేమన్నా వద్దంటానా?" అంది చిన్నమ్మగారు.

వంటమ్మ కూర మాడుతుందేమోనని వంటింట్లోకి వచ్చేసింది.

అమ్మ ఉన్నా ఇలాగే చేసేదన్న మాట అబద్ధం కాదు. వంటమ్మకి ఒక అక్క ఉండేది. పెద్దావిడ చెల్లెలు వేరే ఊళ్ళో కాపురం పెట్టినప్పుడు కుట్టుమిషను పంపించారు. మిషనుతోపాటు అక్కనీ పంపించారు. కొన్నేళ్ళకి బాగు చేయించడానికని మిషను ఒకసారి తిరిగొచ్చింది. అక్క రాలేదు. ఎక్కడుందో, ఉందో లేదో కూడా ఎవరూ చెప్పలేదు. అడిగినప్పుడల్లా వంటమ్మ తల్లి పొయ్యిలోకి చూసేది.

బయట వంటమనుషులకిచ్చే దానిలో సగమే వంటమ్మ జీతం. ఎప్పుడైనా ఆ సంగతి కదిపితే, "నువ్వు జీతగత్తెవా, ఈ ఇంటి మనిషివి" అనేది పెద్దావిడ. ఆ మాటకి కడుపు నిండిపోయేది. ఈ ఇంటి కుర్చీ, ఈ ఇంటి అద్దం, ఈ ఇంటి మనిషి. ఇన్నేళ్ళూ ఆ మాటని ముద్దుగానే విన్నది.

"పుల్లా," అంది గరిట కింద పెట్టి. "పంచుకునేవాడికో మాటుంది. పంచుకునే ఆస్తికో మాటుంది. ఆ ఆస్తి లేచి నిలబడి నేను రానంటే, దానికేం మాటే?"

పుల్ల పుస్తకంలో చూడలేదు. హాల్లో మాటలు దానికీ వినబడ్డాయి.

"అలాంటి మాట లేదమ్మా. వస్తువు ఎక్కడన్నా మాట్లాడుతుందా?" ఇంకో ఉల్లిపాయ అందుకుని, "నేను వెళ్తాలే," అంది. "నువ్వు గొడవ పడకు. నీకన్నా నీడ ఉంటుంది."

ఉల్లిపాయలకో, మాటకో దాని కళ్ళు కారుతున్నాయి. వంటమ్మ దాని చేతిలోంచి కత్తి తీసుకుంది.

"చాల్లే ఒలిచింది. చేతులు కడుక్కో. కంపు కొడుతూ పరీక్షకెళ్తావా?"

తడిగుడ్డ తీసుకుని వెనకగదిలోకి వెళ్ళింది. జిగురు ఇంకా ఆరలేదు. చీటీ చిరక్కుండా ఊడొచ్చింది. దాని రంగు దిగి వేళ్ళు నీలమయ్యాయి. తీసుకెళ్ళి చిన్నమ్మగారి ముందు బల్ల మీద పెట్టింది.

"పిల్ల రాదండీ."

"ఏమిటీ?"

"మంచం మీ వాటాదే. తీసుకెళ్ళండి. పిల్ల రాదు."

గొంతు మరీ చిన్నగా ఉండటంతో చిన్నమ్మగారికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "చూశావా అన్నయ్యా! సొంత పిల్లలా చూసుకుందామనుకుంటే..."

పెద్దబాబుగారు కోప్పడలేదు. లెక్క సరిచేస్తున్నట్టు మాట్లాడారు. "మా ఇంట్లో ఒక్క మనిషికే చోటుంది. పిల్లని వెంటేసుకుని వస్తానంటే కుదరదు."

"తెలుసు బాబుగారూ."

"ఈ గదికి సాయంత్రం తాళం పడుతుంది."

"అదీ తెలుసండీ."

"రేపు ఎవరి గుమ్మమైనా ఎక్కితే, ఇన్నాళ్ళూ ఎక్కడ చేశావని అడుగుతారు. మా పేరే చెబుతావు. వాళ్ళొచ్చి నన్నడిగితే నేనేం చెప్పాలి? నువ్వే చెప్పు."

వంటమ్మ గోడ మీద గడియారం కోసం చూసింది. అక్కడ మేకు మాత్రమే ఉంది.

"వంటయింది. వడ్డించమంటారా?" అంది.

వడ్డించింది. చిన్నమ్మగారు ఆమె మొహం చూడకుండా తిన్నది. కూరలో ఉప్పు తగ్గిందని మాత్రం అన్నగారితో అంది. వంటమ్మ ఉప్పు తెచ్చి బల్ల మీద పెట్టి, చీరకొంగుకి చేతులు తుడుచుకుంటూ గేటు దాకా వచ్చింది.

పుల్ల శుభ్రంగా తల దువ్వుకుని, పుస్తకం గుండెకి హత్తుకుని నిలబడి ఉంది.

"అన్నీ గుర్తున్నాయా?"

"కొమ్ములూ తోకలూ అన్నీ గుర్తున్నాయి." పుల్ల గేటు తీసింది. కానీ దాటలేదు. "అమ్మా, పరీక్ష అయ్యాక ఎక్కడికి రావాలి?"

రోజూ ఈ గేటు దగ్గర వంటమ్మ చెప్పే మాట ఒక్కటే: తిన్నగా ఇంటికి రా. ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. వీధికి అటూ ఇటూ చూసింది. అన్నీ మూసిన గేట్లే. ప్రతి గేటు వెనకా ఒక వంటిల్లు, ప్రతి వంటింట్లోనూ ఎవరో ఒక మనిషి ఉండే ఉంటుంది.

"వంటమ్మా!" లోపల్నించి పెద్దబాబుగారి కేక. "జిగురు గట్టిపడిపోయింది. కాస్త వేడిచేసి పట్రా!"

వంటమ్మ వెనక్కి తిరగలేదు. నీలం వేళ్ళని కొంగులో దాచుకుని కూతురి మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. పుల్ల గేటు పట్టుకుని జవాబు కోసం నిలబడింది.