రంగు నీ ఇష్టం

"రంగు నీ ఇష్టం పర్సిస్. నువ్వే సెలెక్ట్ చెయ్. ఇల్లు నీదే కదా!" అన్నాడు సైలస్.

అప్పుడు నేను డిష్‌వాషర్‌లోంచి గిన్నెలు తీసి సర్దుతున్నాను. లివింగ్ రూమ్‌లో సోఫా వెనక గోడ మీద అతను రెండు రంగులు పక్కపక్కనే కొంచెం కొంచెం పూసి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంటున్నాడు. ఒకటి చల్లటి నీలం, వాన పడబోయే ముందు ఆకాశంలా కాస్త బూడిద కలిసింది. రెండోది ఆఫ్‌వైట్, కాచిన పాల మీద మీగడలా పసుపు ఛాయ ఉన్న తెలుపు. వచ్చే వారం పెయింటర్లు వస్తారు, ఈలోగా ఏ రంగో చెప్పాలి. చెప్పాల్సింది నేను. చేతులు కడుక్కుని అతను పైకి వెళ్ళిపోయాడు. బ్రష్షులు నేను కడిగాను.

కడిగాక వచ్చి గోడ ముందు నిలబడ్డాను. ఏదో ఒకవైపు మనసు మొగ్గుతుందేమోనని చూశాను. మొగ్గలేదు. డెంటిస్టు ఇంజెక్షన్ ఇచ్చాక పెదవిని వేలితో తాకి చూసుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. పెదవి ఉందని వేలికి తెలుస్తుంది, పెదవికి తెలీదు. గుంటూరులో ఇంజనీరింగ్ చదివేటప్పుడు జాకెట్టు ముక్క సరిగ్గా మ్యాచ్ కాలేదని షాపు షాపూ తిప్పి అమ్మని ఏడిపించిన పిల్లని నేనే. ఆ ఎరుపు వేరు, ఈ ఎరుపు వేరు అని కౌంటర్ మీద గుడ్డలు పరిపించి వాదించేదాన్ని. ఆ పిల్ల ఎప్పుడు వెళ్ళిపోయిందో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ఒక రోజని చెప్పడానికి లేదు.

సన్నీవేల్‌లో ఉన్నప్పుడు నాకు శాంటా క్లారాలో ఉద్యోగం ఉండేది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. నా హెచ్‌వన్ వీసా నాదే. నా టీమ్, నా డెస్కు, మధ్యాహ్నం లంచ్‌కి కలిసి నడిచే ఇద్దరు స్నేహితురాళ్ళు. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తుంటే సైలస్ కారు సిగ్నల్ దగ్గర ఆపి, "వర్జీనియా ఆఫర్ యాక్సెప్ట్ చేశాను. షాంటిలీలో మనవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు, తెలుగు చర్చి కూడా ఉంది. నీకు అక్కడ ఏదో ఒకటి దొరుకుతుందిలే" అన్నాడు. సిగ్నల్ పచ్చగా మారింది. నేను సరే అన్నానో లేదో గుర్తులేదు. అన్నా అనకపోయినా కారు కదిలేదే. ఇక్కడికొచ్చాక చాలాకాలం ఇంట్లో కూర్చుని, తర్వాత ఈ ఉద్యోగం తెచ్చుకున్నాను. ఇంటి నుంచే పని. సైలస్ సోమ, బుధవారాలు కంపెనీకి వెళ్తాడు, మిగతా రోజులు మేడ మీద గదే అతని ఆఫీసు, తలుపు వేసుకుంటాడు. నా ఆఫీసు డైనింగ్ టేబుల్. నేను మీటింగ్‌లో ఉండగా ఫోన్‌కి పై నుంచి మెసేజ్ వస్తుంది: "టీ?" మ్యూట్ నొక్కి స్టవ్ వెలిగిస్తాను.

నా పని తప్పులు పట్టడం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరో కట్టిన స్క్రీన్లు చూసి, ఇది సరిగ్గా లేదు, ఈ బటన్ ఇక్కడ ఉండకూడదు, ఇది వాడేవాళ్ళకి ఇబ్బంది అని చెబుతుంటాను. నా మాట కోసం రిలీజులు ఆగుతాయి. లాప్‌టాప్ మూసి టేబుల్ మీద కంచాలు పెట్టేసరికి ఆ నోరు ఎటుపోతుందో తెలీదు.

ఆ సాయంత్రం మా అత్తగారు రూతు గారు కాకినాడ నుంచి వీడియో కాల్ చేస్తే సైలస్ ఫోన్ తిప్పి గోడ చూపించాడు.

"తెల్లదే వేయించండి నాన్నా. నీలమేంటి, గవర్నమెంట్ ఆస్పత్రిలాగ! నేనొచ్చేసరికి ఇల్లు వెలుగ్గా ఉండాలి" అంది ఆవిడ. ఈ జూన్‌లో వస్తోంది. మోకాలి ఆపరేషన్ అయ్యాక మొదటి ప్రయాణం.

"సెలక్షన్ పర్సిస్‌దమ్మా, నేను కలగజేసుకోను" అని నవ్వాడు సైలస్.

మా అమ్మాయి దేదీప్య నాలుగో క్లాసు. సోఫా మీద మోకాళ్ళేసి రెండు రంగుల మీదా వేలు పెట్టి చూస్తోంది. "అమ్మా, నీకు ఏది ఇష్టం ఉంది?"

"మీకేది నచ్చితే అదే నాన్నా."

అది నా వైపు అదోలా చూసింది. "అది కలర్ కాదు కదా అమ్మా!"

సైలస్ పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వాక గిన్నెలో పెరుగు తోడు వేశాను.

శనివారం మా ఇంట్లో గృహ కూడిక. ప్రతి నెలా ఒకరింట్లో ప్రార్థనకి కలుస్తాం. బిర్యానీ, చికెన్ వేపుడు, పిల్లలకి కారం లేకుండా పాస్తా. పొద్దున్నే మొదలుపెట్టి, చుట్టాల్లాంటి చర్చి వాళ్ళందరూ వచ్చేసరికి స్నానం చేసి చీర కట్టుకున్నాను. వచ్చిన ప్రతివాళ్ళూ వందనాలు చెప్పి, చెప్పులు విప్పి, గోడ ముందు ఆగారు. సైలస్‌కి సరదాగా ఉంది. "ఓటు వేయండి బ్రదర్!" అంటున్నాడు. సుందర్ రాజ్ అన్నయ్య బ్లూ అయితే మోడర్న్‌గా ఉంటుందన్నాడు. పాస్టరమ్మ గారు ఆఫ్‌వైట్ అయితే ఇల్లు రమ్మన్నట్టు ఉంటుందంది. వంటింట్లోకి వినిపిస్తూనే ఉంది.

"మరి పర్సిస్ సిస్టర్‌కి ఏది ఇష్టం?" అని ఎవరో అడిగారు.

"తనకి ఏదైనా ఓకే. చాలా అడ్జస్టబుల్" అన్నాడు సైలస్. ఆ గొంతులో వెక్కిరింపు లేదు, నిజంగా మెచ్చుకోలే.

"ప్రభువు మంచి సహకారినిచ్చాడు మీకు" అంది పాస్టరమ్మ గారు.

పాటలయ్యాయి, బైబిలు వాక్యం అయింది. ప్రార్థన విన్నపాలు చెప్పుకునే టైముకి నేను పెరుగు పచ్చట్లో ఉల్లిపాయలు కలుపుతున్నాను. ఒకరు తమ్ముడి గ్రీన్ కార్డ్ కోసం, ఒకరు కూతురి ఆస్తమా కోసం చెప్పారు. తర్వాత సైలస్ గొంతు వినిపించింది.

"అమ్మ జూన్‌లో వస్తోంది. ప్రయాణం కోసం ప్రార్థన చేయండి. అలాగే పర్సిస్ జాబ్ మానేసి అమ్మని చూసుకోవాలని తీర్మానించుకుంది. ఈ రోజుల్లో ఎవరు చేస్తారు చెప్పండి? ఆ త్యాగాన్ని దేవుడు దీవించాలని..."

చేతిలో గరిటె అలాగే ఉంది. నా గురించే చెబుతున్నాడని తెలుస్తోంది. కానీ ఎవరో సిస్టర్ గురించి విన్నట్టే ఉంది, ఆవిడ పేరు కూడా పర్సిసే అన్నట్టు. పాస్టర్ గారు కళ్ళు మూసుకుని నా పేరు ఎత్తి, మా అత్తగారికి నేను చేయబోయే సేవ కోసం స్తోత్రం చెప్పారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. అలవాటు. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ అర్థం కాలేదు, నేను దేనికి ఆమెన్ అన్నానో.

భోజనాలప్పుడు ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నా చెయ్యి పట్టుకుని నొక్కారు. ఒకావిడ కళ్ళు తడిశాయి. నేను వడ్డిస్తూనే ఉన్నాను.

అందరూ వెళ్ళాక సింకు దగ్గర నిలబడి అడిగాను. "ఉద్యోగం మానేస్తానని నేనెప్పుడన్నానండీ?"

సైలస్ మిగిలిన బిర్యానీ డబ్బాలోకి తీస్తున్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అమ్మ వస్తే పగలంతా ఎలా మేనేజ్ చేద్దాం అని మొన్న అడిగాను కదా. నువ్వు జాబ్ వదిలేస్తే ఈజీగా ఉంటుందేమో అన్నాను. మీ ఇష్టం అన్నావు."

గుర్తొచ్చింది. అన్నాను. పోపు మాడిపోతుంటే తిప్పుతూ అన్నాను.

"నీకు ఇష్టం లేకపోతే అప్పుడే చెప్పాల్సింది పర్సిస్. నేనెప్పుడైనా నిన్ను ఫోర్స్ చేశానా?"

లేదు. చెయ్యి చేసుకోలేదు, గొంతు పెంచలేదు. ఆలోచించాను, అతని మాటలో తప్పెక్కడుందో పట్టుకోవాలని. నాకు దొరకలేదు. "ముందు ఆ పెయింట్ సంగతి చూడు" అంటూ డబ్బా మూత నొక్కి ఫ్రిజ్‌లో పెట్టాడు.

సోమవారం సైలస్ ఆఫీసుకి వెళ్ళాక అత్తగారే నాకు ఫోన్ చేసింది. ఆవిడ ఎప్పుడూ నాకు విడిగా చేయదు. చాలాసేపు మామిడికాయల గురించి, అక్కడి ఎండల గురించి మాట్లాడింది. తర్వాత అసలు సంగతికి వచ్చింది.

"ఉద్యోగం మానేస్తున్నావటగా. నాకోసం ఎందుకమ్మా అంత పని!"

"ఆయనే అన్నారండీ."

"నాకూ వాడే చెప్పాడు. టికెట్ కొనేసి చెప్పాడు." ఆవిడ గొంతు తగ్గించింది, పక్కగదిలో ఎవరో వింటున్నట్టు. ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే. "ఇక్కడ స్త్రీల కూడిక నేనే నడిపిస్తున్నాను కదా. గురువారం నాడు పాతికమంది వస్తారు. ఆర్నెల్లు నేను లేకపోతే అది ఆగిపోద్ది. మోకాలు కూడా బాగానే ఉంది, మార్కెట్‌కి నేనే వెళ్తున్నాను. అక్కడ నాకు కిటికీలోంచి చూడ్డం తప్ప ఏముంటది?"

"ఆ మాట ఆయనతో చెప్పలేదా అత్తయ్యా?"

"ఏం చెప్తాం. వాడి ఇష్టం" అంది రూతు గారు.

ఎంత తేలిగ్గా అనేసిందో. నాకు బాగా తెలిసిన తేలిక అది. మామగారు ఉన్నన్నాళ్ళూ ఆయన ఇష్టం, ఇప్పుడు కొడుకు ఇష్టం. డెబ్భై ఏళ్ళ మనిషి. పాతికమంది ఆడవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడగల మనిషి. ఫోన్ పెట్టేశాను. ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. టీమ్ నుంచి మెసేజీలు వచ్చి పడుతున్నాయి, చూస్తూ కూర్చున్నాను.

బుధవారం పెయింటర్లు వచ్చారు. ఇద్దరు, నిచ్చెనలూ ప్లాస్టిక్ షీట్లూ మోసుకుని. సోఫాలు మధ్యకి లాగి కప్పేశారు. రెండు రంగుల డబ్బాలూ గరాజ్‌లో సిద్ధంగా ఉన్నాయి, సైలస్ తెచ్చి పెట్టాడు, ఏది చెప్పినా పని ఆగకూడదని. నేను మేడ మీద సైలస్ గదిలో కూర్చుని కాల్‌లో ఉన్నాను. కొత్త రిలీజ్ గురించి మాట్లాడుతున్నాం. పెద్ద పెయింటర్ మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గర నిలబడి చేతులతో అడిగాడు, ఏ రంగని. అదే నిమిషంలో సైలస్ మెసేజ్ వచ్చింది. "ఇంకా డిసైడ్ చేయలేదా? అమ్మ చెప్పింది కదా, ఆఫ్‌వైట్ అని చెప్పెయ్."

మ్యూట్ నొక్కి, "బ్లూ" అన్నాను.

ఎందుకన్నానో అడిగితే ఇప్పటికీ చెప్పలేను. ఎదిరించాలని కాదు, నీలం మీద ప్రేమతోనూ కాదు. మళ్ళీ మ్యూట్ తీసి, ఆ లాగిన్ పేజీ ఇంకా సరిగ్గా లేదని చెప్పాను.

సాయంత్రం వాళ్ళు షీట్లు మడిచి వెళ్ళిపోయాక కిందికి దిగాను. సోఫా మీద కూర్చుని నాలుగు వైపులా చూశాను. మా లివింగ్ రూమ్‌కి ఎండ తక్కువ. ఆ నీలం గోడలన్నీ పరుచుకునేసరికి గది చలిపట్టినట్టయింది. నా చేతులు ఆ వెలుతురులో పాలిపోయి కనిపించాయి. చర్చి వాళ్ళ ఫొటోలు, దేదీప్య గీసిన బొమ్మలు, ఏవీ దాని మీద అతికేలా లేవు.

నాకు నచ్చలేదు.

ఆ మాట లోపల వినపడగానే ఉలిక్కిపడ్డాను. మళ్ళీ చూశాను, సందేహం తీర్చుకోవడానికి. అవును, నచ్చలేదు. ఎవరినీ అడగక్కర్లేదు. అత్తగారికి నచ్చదని కాదు, సైలస్ ఏమంటాడోనని కాదు. నాకు, పర్సిస్‌కి, ఈ రంగు బొత్తిగా నచ్చలేదు. ఎంత గట్టిగా నచ్చలేదంటే నవ్వొచ్చింది. మత్తు దిగుతున్న పెదవికి మొదట తెలిసేది నొప్పే కదా. దాన్ని కాసేపు అలాగే ఉండనిచ్చాను. దాని వెనకే, పిలవకుండానే, ఇంకో మాట వచ్చి నిలబడింది.

సైలస్ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. బ్యాగ్ భుజం మీదే ఉంది. "బ్లూ వేయించావా?" అని, కాసేపటికి తమాయించుకున్నాడు. "సరేలే. అమ్మకి నేను చెప్తాను. నీకు నచ్చింది కదా, అది చాలు."

"నచ్చలేదండీ."

"ఏంటీ?"

"ఈ రంగు నాకు నచ్చలేదు."

అతను నన్నూ గోడనూ మార్చి మార్చి చూశాడు. "మరి ఎందుకు వేయించావు? పర్లేదులే, రేపు వాళ్ళని మళ్ళీ పిలిచి ఆఫ్‌వైట్ వేయించేద్దాం. దీనికింత ఎందుకు?"

"గోడ సంగతి తర్వాత చూద్దాం. నేను ఉద్యోగం మానను."

సైలస్ బ్యాగ్ కింద పెట్టాడు. "మరి అమ్మ?"

"అత్తయ్యకి అసలు రావాలని ఉందో లేదో మీరు అడగండి. నేను చెప్పను, ఆవిడే చెప్పాలి. అడిగి, చెప్పేదాకా ఆగండి. మధ్యలో మీరు మాట్లాడకండి."

"పర్సిస్, కూడికలో అందరి ముందూ చెప్పాను. పాస్టర్ గారు ప్రార్థన కూడా చేశారు. ఇప్పుడు వాళ్ళకి ఏమని చెప్పను?"

ఏం చెప్పాలో అతనికి నిజంగానే తెలీదు. నాకు తెలుసు. మొదటిసారి నా గొంతు నాకే కొత్తగా, స్పష్టంగా వినిపించింది.

"పర్సిస్‌ని నేను అడగలేదు అని చెప్పండి."