ఉరుకుందు కోసం కట్టిన ఫ్రేము

నేను ఒక ఫొటో ఫ్రేమును. టేకు ఫ్రేమునని మా గిడ్డయ్య గిరాకీలకు చెబుతాడు గానీ, మీ దగ్గర దాపరికమెందుకు, వేపకర్రను. పైన బంగారు రంగు పూత, ముందు అద్దం, వెనక అట్ట. ఇంతే నా ఆస్తి. ఈ మాత్రానికే ఆత్మకథ కూడానా అంటారేమో! ఏం చెయ్యను, చూసినవాటిని కడుపులో దాచుకోలేకపోతున్నాను.

ఆదోనిలో పత్తి మార్కెట్టుకు పోయే దారిలో గిడ్డయ్య ఫ్రేముల కొట్టు ఉంది. నేను పుట్టింది అక్కడే. నాలో మొదట దిగింది ఒక కొత్త జంట. భుజానికి భుజం ఆనించుకొని ఎంత ముద్దుగా నవ్వేవాళ్లో! ఏడాది తిరక్కుండానే పెళ్లికూతురి అన్న వచ్చి నన్ను కౌంటరు మీద పడేసి, "ఫొటో చింపేసినాం, ఫ్రేము నువ్వే పెట్టుకో" అన్నాడు. హవ్వ! ఆ తర్వాత ఒక చోటా నాయకుడు తన పెద్దాయన పక్కన నిలబడిన ఫొటో కట్టించుకున్నాడు. పార్టీ మారగానే పెద్దాయన ముఖం చేదయింది. నేను మళ్లీ కొట్టుకే వచ్చాను. మనుషులు ముఖాలను ఇంత సులువుగా పీకి పారేస్తారా అని అప్పట్లో తెగ ఆశ్చర్యపోయేదాన్ని.

ఇంతలో ఒక సాయంత్రం హేమావతి వచ్చింది. ఊరి చివర సర్కారు హైస్కూల్లో పదో తరగతి లీడరు ఆ పిల్ల. ఒక కుర్రాడి సైకిలు వెనక కూర్చొని వచ్చింది. ఆ కుర్రాడి పేరు వీరభద్ర, వాడిదీ అదే క్లాసు. వాడు సైకిలు పట్టుకొని బయటే ఉండిపోయాడు. హేమావతి చేతిలో లోపలిది కనబడే వదులు ప్లాస్టిక్ కవరు, అందులో వాళ్లు ఆరో తరగతిలో దిగిన క్లాసు ఫొటో.

"అన్నా, దీంట్ల ఒగ పిల్లోని మొకం పెద్దది చేసి ఫ్రేము కట్టియ్యల్ల. ఉరుకుందు అని, మా క్లాసోడే. ఎనిమిదిలో ఉన్నప్పుడు వాళ్లమ్మానాయనతో గుంటూరు దిక్కు మిరపకాయల కోతకు పోయినాడు. ఆడ జరమొచ్చి సచ్చిపోయినాడు. ఆడనే పూడ్సి వచ్చినారు" అంది.

కెమెరా ఫోన్లు అందరి చేతికీ ఇంకా రాలేదు. కూలికి పోయేవాళ్ల ఇంట్లో ఫొటో ఎక్కడ ఉంటుంది? ఉరుకుందు ముఖం ఈ భూమ్మీద మిగిలింది ఆ క్లాసు ఫొటో ఒక్కదానిలోనే. వీడ్కోలు సభకు రమ్మని పిలవడానికి పిల్లలు వాళ్లింటికి పోతే, తల్లి తాయమ్మ చెప్పిందట: "వాని మొకం మర్సిపోతా ఉండా తల్లీ. నవ్వు గుర్తొస్తాది, ముక్కు గుర్తొస్తాది, రెండూ ఒగ చోటికి రావడం లేదు." ఆ మాట గిడ్డయ్యకు చెబుతూ చెబుతూ హేమావతి కళ్లు తుడుచుకుంది. ఏడ్చే వీలుంటే నేనూ ఏడ్చేదాన్నే.

ఆ ఫొటో బడిది. దాని మీద పెన్ను గీత పడితే ఎస్తేరు టీచరు ఊరుకోదు. అందుకని హేమావతి తన నుదుటి బొట్టుబిళ్ల తీసి, కవరు మీద సరిగ్గా ఉరుకుందు తలపైకి వచ్చేట్టు అంటించింది. "ఇదిగో, బొట్టుబిళ్ల కింద ఉన్నోడే" అని చెప్పి వెళ్లిపోయింది. తెలివైన పిల్లే. కాకపోతే బొట్టుబిళ్ల కవరుకు అంటుకుంది, ఫొటోకు కాదు.

గిడ్డయ్య ఆ కవరును అరలో నిలబెట్టాడు. లోపల ఫొటో జర్రున పక్కకు జారింది. బొట్టుబిళ్ల వచ్చి ఉరుకుందు పక్కన నిలబడిన పిల్లవాడి తల మీద కూర్చుంది. నేను ఎదురు గోడకే ఉన్నాను, కళ్లారా చూశాను. గిడ్డయ్యా, ఒరే గిడ్డయ్యా, చూడరా అని అరిచాను. ఫ్రేము అరుపు ఎవరికి వినబడుతుంది చెప్పండి!

మర్నాడు స్టూడియో నుంచి పెద్ద ప్రింటు వచ్చింది. గిడ్డయ్య దాన్ని నాలో బిగించాడు. నుదుట కుంకుమ దిద్దాడు. ఎవరూ అడక్కపోయినా గంధపు పొట్టు దండ కూడా తగిలించాడు. గుంపు ఫొటోలోంచి ఒక్క ముఖం పెద్దది చేయించారంటే దండ వెయ్యడం అతనికి చేతి అలవాటు. నాలో దిగిన ముఖాన్ని తేరిపార చూశాను. నాలుగేళ్లు చిన్నగా ఉన్నాడు గానీ, ఎక్కడో చూశాననిపించింది. ఎక్కడో ఏమిటి, నిన్న కొట్టు బయట సైకిలు పట్టుకొని నిలబడింది వాడే! వీరభద్ర!

హేమావతి వచ్చి చూస్తే గండం గడిచేదే. చూడలేదు. "కాగితం చుట్టియ్యన్నా. ముందుగా వాళ్లమ్మే చూడల్ల. అంతవరకూ మేమెవురమూ చూడగూడదని క్లాసంతా ఒట్టేసుకున్నాం" అంది. ఇదేం ఒట్టు తల్లీ అని నెత్తి బాదుకున్నాను. ప్రేమ ఎక్కువైనప్పుడు ఈ మనుషులు కళ్లు మూసుకొని నడుస్తారు.

వీడ్కోలు సభ రోజున రంగు కాగితంలో చుట్టుకొని బల్ల మీద కూర్చున్నాను. కనబడదు గానీ అన్నీ వినబడుతున్నాయి. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు లేచి అయిదేళ్లు తవ్వుకుంటున్నారు. వానకు క్లాసురూము కారితే గొడుగుల కింద లెక్కలు చేయడం, సైన్సు రూములో బొమ్మ అస్థిపంజరాన్ని చూసి ఉరుకుందు కిటికీలోంచి దూకి పారిపోవడం, వాడి జొన్నరొట్టెను మధ్యాహ్నం దాకా ఉండనివ్వకుండా అందరూ తినేయడం. నవ్వుతున్నారు, ముక్కులు చీదుతున్నారు. ఎవరు ఏం మొదలుపెట్టినా చివరికి ఉరుకుందు దగ్గరికే వచ్చి ఆగుతున్నారు.

తాయమ్మను పిలిచారు. ఆమె కాగితం విప్పింది.

కుర్చీల్లో ఉన్నవాళ్లంతా మెడలు చాచి తొంగిచూశారు. ముందు వరసలో వీరభద్ర నోరు తెరుచుకొని ఉండిపోయాడు. పాపం, తన ముఖానికి తనే దండ చూసుకోవడం ఎవరికి రాసి ఉంటుంది! వాడి తల్లి ఈరమ్మ బళ్లో మధ్యాహ్న భోజనం వండుతుంది. తలుపు దగ్గర నిలబడి చూస్తున్నదల్లా గరిటె కింద పడేసి, "అయ్యో నా కొడకా! బతికున్నోనికి దండేసినార్రో!" అని గుండెలు బాదుకుంది. ఎస్తేరు టీచరు కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూలబడింది.

వీటన్నిటికంటే నన్ను కొయ్యబారేట్టు చేసింది తాయమ్మ. ఆమెకు ఆ గోల ఏదీ పట్టలేదు. నన్ను రెండు చేతులా పట్టుకొని చూస్తోంది. ఆమె కళ్లలో భయం నాకు అంత దగ్గరగా కనిపించింది. వెతుకుతోంది. దొరకడం లేదు. చివరికి నా అద్దాన్ని కొంగుతో తుడిచి, "మావోడే... మావోడే ఇట్లుండె. నేనే మర్సిపోయినా. పాపిష్టిదాన్ని, కన్న మొకం మర్సిపోయినా" అంటూ ఆ ముఖాన్ని ముద్దు పెట్టుకుంది.

ఎన్నో చూశాననుకున్నాను. ఇలాంటిది చూడలేదు.

చివరికి వీరభద్రే లేచి వచ్చాడు. ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చొని, "అమ్మా, అది ఉరుకుందు కాదు. నేను. తప్పైపోయింది, మొకం మారిపోయింది" అన్నాడు.

తాయమ్మ వాడిని చూసింది. నన్ను చూసింది. మళ్లీ వాడిని చూసింది. తిడుతుందనుకున్నారు అందరూ. ఆమె ఒక్కసారిగా నవ్వేసింది. "కాదు గదా! మావోడు కాదు గదా! నేను అనుకొంటి. సూడంగానే అనుకొంటి, ఈడు కాదని. అయితే నేను మర్సిపోలేదు నాయనా!" అని వీరభద్ర తలను పట్టుకొని ఊపేసింది.

హేమావతి ఏడుస్తూనే క్లాసు ఫొటో తెచ్చి ఆమె చేతికిచ్చింది. కవరు లేదు, బొట్టుబిళ్ల లేదు. ఎవరూ చూపించనక్కరలేదని టీచరు చేత్తో సైగ చేసింది. అన్ని చిన్న చిన్న ముఖాల మధ్య తాయమ్మ వేలు ఎక్కడా తడుముకోలేదు. తిన్నగా పోయి ఉరుకుందు మీద ఆగింది. అప్పుడు ఏడ్చింది, అందరితో కలిసి.

పాత ప్రింటును ఈరమ్మ పట్టుకుపోయి అన్నం పొయ్యిలో పెట్టింది. కొడుకుకు ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి కూడా తీసింది. గిడ్డయ్య చెంపలు వేసుకొని సరైన ముఖాన్ని నాలో బిగించాడు. మళ్లీ దండ అందుకోబోతే తాయమ్మ చెయ్యి పట్టుకొని ఆపింది. "బళ్లో ఉండే పిల్లోనికి దండేంటికప్పా" అంది.

అప్పటి నుంచి తాయమ్మ ఇంట్లో, తలుపు పక్క గోడకు ఉన్నాను. పరీక్షలయ్యాక ఒకరోజు వీరభద్ర వచ్చాడు. ఆమె వాడికి మజ్జిగ ఇచ్చి, "ఈ గోడకు ఆనుకొని నిలబడు నాయనా" అంది. వాడు బిత్తరపోయి నా పక్కన నిలబడ్డాడు. ఆమె అరచెయ్యి వాడి తల మీద నుంచి గోడకు చేర్చి, నాలోని ఉరుకుందును చూసి, "మావోడు గూడా ఇంత అయ్యేటోడు" అంది. వీరభద్ర మడమలు గోడకు ఆనించి ఇంకాస్త నిటారుగా నిలబడ్డాడు. నేనూ అంతే.

ఇప్పుడు వాడు కాలేజీ నుంచి వచ్చినప్పుడల్లా, చెప్పులు విడిచి, ఎవరూ అడక్కుండానే ముందు గోడ దగ్గరికి వస్తాడు. మొన్న వచ్చినప్పుడు తాయమ్మ చెయ్యి వాడి తల పైకి అందలేదు. పీట తెచ్చి వేసుకొని ఎక్కింది.